గూగుల్‌లో అంగడికి బాడుగ లేదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆదివారం పొద్దున. ఇంకా కాఫీ కూడా తాగలేదు. కొర్లగుంటలో టిఫిన్ సెంటర్ నడిపే అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, గూగుల్ వాళ్ళు ఫోన్ చేసినారు. సాయంత్రం లోపల నాలుగు వేల తొమ్మిది వందలు కట్టకపోతే మన అంగడిని మ్యాప్‌లో నుంచి తీసేస్తారంట. కట్టేదా, వద్దా?"

వెనకాల పెనం మీద దోసె చుర్రుమంటా ఉంది. ఎవరో పొంగలి పార్సిల్ అని అరుస్తున్నారు. ఆదివారం రద్దీలో గల్లాపెట్టె వదిలి నాకు ఫోన్ చేసిందంటే ఎంత భయపడి ఉంటుందో అర్థమైంది. "వద్దక్కా" అన్నా. "నిజంగా తీసేస్తే?" అనింది. "తీయరక్కా" అన్నా. సరేనని పెట్టేసింది గానీ గొంతులో అనుమానం పోలేదు. నేను ఊళ్ళోవాణ్ణి, అవతల ఫోన్ చేసింది గూగుల్ కదా మరి!

ఇట్లాంటి ఫోన్లు నాకు వారానికి ఒకటైనా వస్తాయి. తిరుపతిలో చిన్న అంగళ్ళకు ఆన్‌లైన్ పనులు చేసిపెట్టడమే నా బతుకుతెరువు, తొమ్మిదేళ్ళయింది. మెస్సులు, లాడ్జీలు, ట్రావెల్స్, టైలర్లు, పటాల అంగళ్ళు, అన్నీ చూసినా. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే రాసి పెడుతున్నా, ఇకమీద అడిగినవాళ్ళకు ఇదే పంపిస్తా.

అపోహ: గూగుల్‌లో అంగడి ఉండాలంటే ఏటా డబ్బు కట్టాలి, కట్టకపోతే తీసేస్తారు.

వాస్తవం: ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. మ్యాప్‌లో మన అంగడి వివరాలు పెట్టుకునే ఈ ప్రొఫైల్ 2014లో గూగుల్ మై బిజినెస్ అనే పేరుతో వచ్చింది, 2021 చివర్లో పేరు మార్చి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అన్నారు. అప్పుడూ ఉచితమే, ఇప్పుడూ ఉచితమే. రెన్యువల్ అనేదే లేదు. ప్రొఫైల్ సస్పెండ్ అవడం మాత్రం ఉంది, దానికి కారణాలు వేరే: పేరు తప్పు, అడ్రసు తప్పు, లేనిచోట అంగడి ఉన్నట్టు పెట్టడం. ఫీజు కట్టలేదని తీసేసిన అంగడిని నేను ఇంతవరకు చూడలేదు, ఫీజే లేనప్పుడు ఎట్ల చూస్తా?

ఈ పుకారు ఎక్కడ పుట్టిందో నాకొక అనుమానం ఉంది. ఈ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఉచితంగా ఒక చిన్న వెబ్‌సైట్ కూడా ఇచ్చేది. దాన్ని 2024 మార్చిలో నిజంగానే మూసేసింది. 'గూగుల్ తీసేస్తోందంట' అనే మాట అప్పట్లో అంగళ్ళన్నీ తిరిగింది. పోయింది వెబ్‌సైట్, ప్రొఫైల్ కాదు. ఆ తేడా చెప్పేవాళ్ళు తక్కువ, ఆ భయాన్ని అమ్ముకునేవాళ్ళు ఎక్కువ.

"మా పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, ఎన్నింటికి తెరుస్తామో, అన్నీ చెప్పినారు సార్, గూగుల్ వాళ్ళు కాకపోతే ఎట్ల తెలుస్తుంది?" అని అడుగుతారు. మ్యాప్‌లో అవన్నీ లోకానికంతా కనిపించేవే కదా స్వామీ! మీ బోర్డు చదివి మీకే వినిపించినాడు, అంతే.

ఇంకొకడు వస్తాడు, మొదటి స్థానం ఇప్పిస్తానని. 'తిరుపతిలో మెస్ అని వెతికితే మీరే ఫస్ట్, నెలకు మూడు వేలు' అంటాడు. మ్యాప్‌లో వచ్చే వరుసకు గూగుల్ డబ్బు తీసుకోదు. తీసుకునేది ప్రకటనలకు, వాటి మీద స్పాన్సర్డ్ అని రాసి ఉంటుంది. మామూలు వరుసకు మూడు లెక్కలని గూగుల్ తనే చెప్తుంది: వెతికినదానికి మీ అంగడికి ఎంత పొంతన ఉంది, వెతికే మనిషికి ఎంత దూరంలో ఉంది, నలుగురిలో ఎంత పేరుంది. ఈ దూరం అనే లెక్క ఒక్కటి అర్థమైతే చాలు, ఫస్ట్ ప్లేస్ బేరం ఎంత బోగస్సో తెలిసిపోతుంది. అలిపిరి దగ్గర నిలబడి వెతికేవాడికి వచ్చే వరుస వేరు, రేణిగుంటలో రైలు దిగి వెతికేవాడికి వచ్చే వరుస వేరు. అందరికీ ఒకే ఫస్ట్ ప్లేస్ అనేదే లేనప్పుడు వాడు మీకు అమ్మేదేంది? మీ అంగట్లో కూర్చుని మీ ఫోన్‌లోనే వెతికి చూపిస్తాడు. మీ అంగట్లో వెతికితే మీ అంగడి రాక పక్క వీధిది వస్తుందా?

సరే, ఐదు వేలు పోతే పోయినాయి అనుకోవచ్చు. అంతకంటే పెద్ద నష్టం ఒకటి ఉంది, అది చాలామందికి తెలియను కూడా తెలియదు. డబ్బుతో పాటు ఒక కోడ్ అడుగుతారు. 'మీకు మెసేజ్ వస్తుంది సార్, ఆ నంబరు చెప్పండి' అంటారు. చెప్పినారా, ఆ ప్రొఫైల్‌కు ప్రైమరీ ఓనర్, అంటే అసలు యజమాని, వాడే అయిపోవచ్చు. అప్పుడు మీరు ఎవరూ కారు.

ఒక ట్రావెల్స్ ఆయన కథ చెప్తా. కాణిపాకం, శ్రీకాళహస్తి ట్రిప్పులు వేస్తాడు, నాలుగు కార్లు. ఎవరో వచ్చి గూగుల్‌లో పెడతామని ఏడాదికి డబ్బు కట్టించుకున్నారు, కోడ్ తీసుకున్నారు. పని బాగానే చేసినారు, కాదనను. రెండో ఏడు ఈయన కట్టలేదు. బ్రహ్మోత్సవాల ముందు నుంచి ఫోన్లు తగ్గిపోయినాయి. సీజన్ డల్ అనుకున్నాడు, పాపం. రెండు నెలల తర్వాత సేలం నుంచి ప్రతి ఏడూ వచ్చే పాత గిరాకీ ఒకాయన ఫోన్ చేసి, "ఏమప్పా, నెంబరు మార్చినావా? మ్యాప్‌లో ఉన్న నెంబరుకు చేస్తే వేరే ఎవరో బండి పంపినారే" అన్నాడంట. పేరు ఈయనదే, ఫోటోల్లో కార్లు ఈయనవే, ఏళ్ళ తరబడి సంపాదించిన రివ్యూలు ఈయనవే. ఫోన్ నంబరు మాత్రం ఇంకొకడిది!

దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా ఉచితమే, ఓపిక కావాలంతే. మ్యాప్‌లో మీ అంగడి తెరిచి, ఇది మా వ్యాపారమే అని క్లెయిమ్ చేసి రిక్వెస్ట్ పెట్టాలి. ఇప్పుడు ఓనర్‌గా ఉన్నవాడికి మెయిల్ పోతుంది. జవాబు ఇవ్వడానికి వాడికి మూడు రోజుల గడువు. ఇవ్వకపోతే మీరే వెరిఫై చేసుకునే దారి తెరుచుకోవచ్చు, కాదన్నా అప్పీలు చేసుకోవచ్చు. ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు: ముందు వీధి, తర్వాత బోర్డు, తర్వాత మీరే తాళం తీసి షట్టర్ ఎత్తి లోపలికి పోవడం, ఎక్కడా ఆపకుండా ఒకే వీడియోగా. ట్రావెల్స్ ఆయన మొదటి వీడియోలో బోర్డు సరిగ్గా పడలేదని తిప్పి కొట్టినారు. రెండోసారి పొద్దున్నే, బోర్డు మీద ఎండ పడకముందే తీసినాం. వచ్చింది.

మీది మీ చేతిలో ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. మీ జీమెయిల్‌తో లాగిన్ అయ్యి గూగుల్‌లో మీ అంగడి పేరు కొట్టండి. మూడు చుక్కలు నొక్కి, బిజినెస్ ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో పీపుల్ అండ్ యాక్సెస్ తెరిస్తే ప్రైమరీ ఓనర్ ఎవరో కనిపిస్తుంది. అక్కడ మీ మెయిలే ఉండాలి. మీ పని చేసిపెట్టేవాణ్ణి, అది నేనైనా సరే, మేనేజర్‌గా మాత్రమే చేర్చండి. మేనేజర్ ఫోటోలు పెట్టగలడు, టైమింగులు మార్చగలడు, మిమ్మల్ని మాత్రం తీసేయలేడు. నచ్చకపోతే మీరే వాణ్ణి తీసేయొచ్చు.

'నేనైనా సరే' అని ఊరికే అనలేదు. మొదటి ఏడాది నేనూ అందరి అంగళ్ళూ నా జీమెయిల్‌లోనే పెట్టినా. మోసం చేసే ఉద్దేశం లేదు, సులభమని. ఒకసారి చిత్తూరు బస్సులో ఫోన్ పోయింది, దాంతో రికవరీ నంబరూ పోయింది. మూడు వారాలు లాగిన్ కాలేకపోయినా. అదే సమయానికి మా నాయన స్నేహితుడు ఒకాయన టైలర్ అంగడిని తిలక్ రోడ్డు నుంచి ప్రకాశం రోడ్డుకు మార్చినాడు. మ్యాప్ మాత్రం జనాన్ని పాత అడ్రసుకే పంపుతా ఉంది. ఆయన నన్ను తిట్టలేదు. "మా అంగడి తాళం నీ జోబీలో ఎందుకు పెట్టుకున్నావ్ నాయనా?" అన్నాడు, అంతే. ఫోన్ దొరికిందా అంటే దొరకలేదు, నంబరు తిరిగొచ్చినాక కూర్చుని ఒక్కొక్క అంగడినీ వాళ్ళ వాళ్ళ మెయిల్‌కు మార్చినా.

ఇప్పటికే కట్టేసినవాళ్ళు సిగ్గుపడి దాచుకోవద్దు. గూగుల్ పేరు చెప్పి డబ్బు లాగినారంటే అది మోసమే. ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. చదువుకోనందుకు మోసపోయినాం అనుకుంటారు. ఇద్దరు ఇంజనీర్లు, ఒక లెక్చరర్ నా దగ్గరికి ఇదే కథతో వచ్చినారు. ఒక మాట మాత్రం న్యాయంగా చెప్పాలి: ఫోటోలు తీసినందుకు, మెనూ టైప్ చేసినందుకు నేనూ డబ్బు తీసుకుంటా. అది నా కూలి. దాన్ని గూగుల్ ఫీజు అని చెప్తే తప్పు.

మిగతావి గబగబా చెప్పేస్తా.

అపోహ: రివ్యూలు కొనుక్కోవచ్చు. కొనుక్కోవచ్చు, ఒక రాత్రిలో యాభై వస్తాయి, ఇంకో రాత్రిలో అన్నీ మాయమవుతాయి, మీ నిజం రివ్యూలు కూడా అనుమానంలో పడతాయి. ఐదు స్టార్లు ఇస్తే కాఫీ ఫ్రీ అని కౌంటర్ మీద రాసి పెట్టడమూ గూగుల్ నియమాలకు విరుద్ధమే. ఊరికే అడగండి, తృప్తిగా తిన్నవాడు రాస్తాడు. మన ఊరికి ఒక సౌకర్యం ఉంది: వచ్చేవాళ్ళు తమిళంలో, కన్నడంలో, హిందీలో రాసిపోతారు. వాళ్ళ భాషలోనే ఒక ముక్క జవాబు రాయండి. రేపు అదే ఊరి నుంచి వచ్చేవాడు చదివేది దాన్నే. ఒక స్టార్ ఇచ్చినవాడితో మాత్రం అక్కడ పోట్లాడొద్దు. ఒక లాడ్జి ఆయన పోట్లాడినాడు, నాలుగు పేరాలు. ఆయన రాసింది నిజమే గానీ, చదివినవాళ్ళు లాడ్జిలో దిగేందుకు భయపడినారు.

అపోహ: పేరులో అన్నీ ఇరికిస్తే పైకి వస్తుంది. 'ఫలానా మెస్ బెస్ట్ ఆంధ్రా మీల్స్ నియర్ రైల్వే స్టేషన్ తిరుపతి' అని పెడితే పైకి రావడం అటుంచి ప్రొఫైలే సస్పెండ్ అవ్వొచ్చు. బోర్డు మీద ఏముందో అదే పెట్టండి.

అపోహ: వాట్సాప్‌లో అందరికీ పంపితే అందరికీ చేరుతుంది. ఒకే మెసేజ్‌ను ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని పెట్టొచ్చు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ పోతుంది. కాబట్టి బిల్లు ఇచ్చేటప్పుడు నంబరు సేవ్ చేసుకోమనండి. వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 నుంచి ఉచితంగా ఉంది, అందులో క్యాటలాగ్ పెట్టుకోవచ్చు. అడగకుండా జనాన్ని గ్రూపుల్లో పడేయకండి, బ్లాక్ చేస్తారు.

అపోహ: ఇన్‌స్టాగ్రామ్‌లో లేకపోతే వ్యాపారమే లేదు. అది సరుకును బట్టి. మీ రీల్‌ను గౌహతిలో లక్షమంది చూస్తే మీ ఇడ్లీ ఒక్కటి కూడా అదనంగా అమ్ముడుపోదు. అదే శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒక చెల్లెలికి ఇన్‌స్టా అన్నం పెడుతోంది, ఎందుకంటే చీర కొరియర్‌లో ఎక్కడికైనా పోతుంది. ఆ అమ్మాయి డ్యాన్సులు చేయదు, పాటలు పెట్టదు. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టడం, బెల్లం నీళ్ళలో ఇనుము ఊరబెట్టి నల్ల రంగు తీయడం, కలంతో గీత లాగడం, ఇంతే చూపిస్తుంది. గీత లాగేటప్పుడు ఊపిరి బిగబట్టి చూస్తాం మనం.

ఇంతకూ మా ఇంటి సంగతి. మా నాయనది గోవిందరాజస్వామి గుడి దగ్గర పటాల అంగడి. ఊరందరికీ లొకేషన్లు సరిచేసే నేను మ్యాప్‌లో ఆయన అంగడి చోటు చూపించే పిన్ పక్క సందులో ఉందని మూడేళ్ళు చూసుకోలేదు. వేలూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం సందులో రెండుసార్లు తిరిగి, చివరికి పూలమ్మే ఆమెను అడిగి వచ్చినారంట. పిన్ జరపడానికి నిమిషం కూడా పట్టలేదు. ఆ వారమంతా వచ్చినవాళ్ళందరినీ "దారి తెలిసిందా?" అని అడిగినాడు నాయన, నాకు వినపడేట్టు.

కొర్లగుంట అక్క సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసింది. డబ్బు కట్టలేదంట. నేను చెప్పినట్టు కూతురి చేత పీపుల్ అండ్ యాక్సెస్ తెరిపించింది. ప్రైమరీ ఓనర్ అని ఎవరిదో తెలియని మెయిల్ ఉంది. చాలాసేపు ఆలోచించినాక గుర్తొచ్చింది ఆమెకు, రెండేళ్ళ కిందట ఫోటోలు తీస్తానని వచ్చి, రెండు ప్లేట్లు పూరి తిని, ఒక నంబరు చెప్పించుకుపోయిన అబ్బాయి. రాత్రికే రిక్వెస్ట్ పెట్టినాం. బుధవారం దాకా చూడాలి.