తెర వెనక స్పీకర్లు ఎందుకు కాలిపోతున్నాయి?

సినిమా హాల్లో స్పీకర్ పోయిందంటే మొదట వినిపించే మాట "సౌండ్ ఎక్కువ పెట్టేశారు" అని. అందులో సగమే నిజం. చాలాసార్లు అంతకుముందే, ఎవరూ గమనించకుండా, ఇంకో స్పీకర్ పోయి ఉంటుంది. అదెలాగో తెలియాలంటే యాంప్లిఫైయర్‌కీ స్పీకర్‌కీ మధ్య బలాబలాలు ఎలా తారుమారయ్యాయో చూడాలి.

తొలి తెలుగు టాకీ విడుదలైన 1932 నాటికి హాళ్లలో వాల్వ్ యాంప్లిఫైయర్లు ఉండేవి. వాటి శక్తి కొద్ది పదుల వాట్లకు మించేది కాదు. అంత తక్కువ శక్తితో హాలంతా వినిపించాలి కాబట్టి స్పీకర్లకు గరాటులాంటి పెద్ద పెద్ద హార్న్‌లు కట్టేవారు. 1945లో అమెరికాలో ఆల్టెక్ లాన్సింగ్ తెచ్చిన 'వాయిస్ ఆఫ్ ద థియేటర్' పెట్టెలదీ ఇదే పద్ధతి. ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 100 డెసిబెల్స్ దాటి మోగేవి. పైగా ఫిల్మ్ ట్రాక్‌లోని చరచర వినపడకుండా, 1938 నాటి అకాడమీ కర్వ్ అనే ప్రమాణం 8 కిలోహెర్ట్జ్ దగ్గర ధ్వనిని దాదాపు 18 డెసిబెల్స్ తగ్గించేది. వెలుగుతో చదివే ఆ ఆప్టికల్ ట్రాక్‌లో లోతైన బేస్ పట్టేదే కాదు. చిన్న యాంప్, పెద్ద హార్న్, పైనా కిందా కోసేసిన ధ్వని: ఇక స్పీకర్ కోన్‌ను కదిపే తీగ చుట్ట, అంటే కాయిల్, కాలేదెక్కడ?

1992లో డాల్బీ డిజిటల్, 1993లో డీటీఎస్ అనే డిజిటల్ సౌండ్ పద్ధతులు వచ్చాక లెక్క మారింది. తెర వెనక ఒక్కో ఛానెల్ (ఎడమ, మధ్య, కుడి) మామూలు స్థాయి 85 డెసిబెల్స్, శిఖరం 105. బేస్ ఛానెల్‌కు ఇంకో 10 అదనం. స్పీకర్ నుంచి 20 మీటర్ల దూరంలో కూర్చున్నవాడి దగ్గరికి చేరేలోపే 26 డెసిబెల్స్ తరిగిపోతాయి. అంటే అతనికి 105 వినిపించాలంటే స్పీకర్ ముందు మీటరు దూరంలో 131 ఉండాలి. వాట్‌కు 100 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్‌కు అది సుమారు 1,250 వాట్ల పని. హాలు గోడల ప్రతిధ్వని కొంత ఆదుకుంటుంది, చిల్లుల తెర కొంత మింగేస్తుంది. ఏ రకంగా చూసినా ఇది పాత పెట్టెలు మోసే బరువు కాదు. కొత్త డిజిటల్ సౌండ్ ప్రాసెసర్ కొని, తెర వెనక పాత స్పీకర్లనే ఉంచేసిన హాళ్లలో కాయిళ్లు కాలడంలో వింతేమీ లేదు.

వూఫర్‌కు, అంటే బేస్ మోగించే స్పీకర్‌కు, ఇచ్చిన 100 వాట్లలో ధ్వనిగా మారేది మహా అయితే నాలుగైదు. మిగతాదంతా వాయిస్ కాయిల్‌లో వేడే. రాగి ఒక్కో డిగ్రీ వేడెక్కినకొద్దీ దాని రెసిస్టెన్స్ 0.39 శాతం పెరుగుతుంది. 200 డిగ్రీలు పెరిగితే 5.5 ఓమ్‌ల కాయిల్ దాదాపు 10 ఓమ్‌లకు చేరుతుంది. అప్పుడు ఫేడర్ (సౌండ్ పెంచే, తగ్గించే మీట) అదే అంకె మీద ఉన్నా సౌండ్ తగ్గినట్టు అనిపిస్తుంది. సెకండాఫ్‌లో "సౌండ్ పడిపోయింది" అనే ఫిర్యాదుకు ఒక కారణం ఇది. ఆపరేటర్ పెంచుతాడు, కాయిల్ ఇంకా వేడెక్కుతుంది, చివరికి జిగురు కరిగి చుట్లు ఊడి అయస్కాంతం గ్యాప్‌లో రాసుకుంటాయి.

అసలు ప్రమాదం జంట వూఫర్లలో ఉంది. ఒక్కో తెర ఛానెల్‌కు రెండు 15 అంగుళాల వూఫర్లు ప్యారలల్‌గా ఉండటం మామూలే. వాటిలో ఒకటి తెగితే ఆ ఛానెల్ బేస్ 6 డెసిబెల్స్ పడిపోతుంది, కానీ మాట వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ తెర వెనక్కి వెళ్లరు. ఫేడర్ మామూలు అంకె 7 నుంచి 8.8కి వెళుతుంది. డాల్బీ ఫేడర్ మీద ఒక్క అంకె అంటే 3.3 డెసిబెల్స్, అంటే రెట్టింపుకు మించిన శక్తి. 1.8 పెంచితే నాలుగింతలు. ఆ నాలుగింతలు మిగిలిన వూఫర్‌కు మాత్రమే కాదు, బాగున్న ఎడమ, కుడి, సరౌండ్ స్పీకర్లన్నిటికీ వెళతాయి. విడుదల రోజు మొదటి ఆటకు "సౌండ్ పెంచు" అనే కేకలు దీనికి తోడు. ఖాళీ హాల్లో సరిపోయిన సౌండ్‌ను నిండిన జనం పీల్చేసుకుంటారన్నది కూడా నిజమే, అందుకే ఆ కేకలను తప్పుపట్టలేం.

ఈ జంటలో ఒకటి పోయిందో లేదో తెలుసుకోవడానికి తెర వెనక్కి వెళ్లనక్కర్లేదు. యాంప్ ఆపి, వూఫర్ కేబుల్‌ను యాంప్ నుంచి విప్పి, దాని కొనల మీద మల్టీమీటర్ పెట్టాలి. ఒక 8 ఓమ్‌ల వూఫర్ 5 నుంచి 6.5 ఓమ్‌ల మధ్య చూపిస్తుంది, రెండు కలిస్తే 2.5 నుంచి 3.3. ఆ జంట దగ్గర 5.6 కనిపిస్తే ఒకటి పోయినట్టే. ఒక ఓమ్ కన్నా తక్కువైతే కాయిల్ గానీ కేబుల్ గానీ షార్ట్. హార్న్‌ను మోగించే డ్రైవర్ విషయంలో జాగ్రత్త: దానికి వరసలో కెపాసిటర్ ఉంటే మీటర్‌లో ఓపెన్, అంటే తెగినట్టే వస్తుంది, కాబట్టి కెపాసిటర్ దాటాక కొలవాలి.

ఆ కెపాసిటర్ లేకపోతే మాత్రం వెంటనే పెట్టించండి. బేస్‌కొకటి, హార్న్‌కొకటి అని రెండు యాంప్‌లతో నడిచే తెర స్పీకర్‌లో బేస్ కేబుల్ పొరపాటున హార్న్‌కు తగిలిస్తే డ్రైవర్‌లోని పలచని డయాఫ్రం క్షణాల్లో పోతుంది. యాంప్ పాడై డీసీ వదిలినా అంతే. క్రాసోవర్ (ధ్వనిని వూఫర్‌కూ హార్న్‌కూ పంచే చోటు) 500 హెర్ట్జ్, డ్రైవర్ 8 ఓమ్‌లు అయితే 100 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్ చాలు. అది సుమారు 200 హెర్ట్జ్ దగ్గర నుంచి కిందివాటిని అడ్డుకోవడం మొదలుపెడుతుంది.

గోడల మీది సరౌండ్‌లలో క్రాసోవర్ పెట్టె లోపలే ఉంటుంది. యాంప్ క్లిప్ అయితే, అంటే శక్తికి మించి పనిచేస్తే, అలల కొసలు చదునై కొత్త హార్మోనిక్స్ (పై ధ్వనులు) పుట్టి నేరుగా ట్వీటర్‌కు, అంటే సన్నని ధ్వనుల స్పీకర్‌కు, వెళతాయి. పూర్తిగా చదునైన అల, అదే ఎత్తున్న మామూలు సైన్ అలకు రెట్టింపు శక్తి మోస్తుంది. అందుకే చిన్న యాంప్ పెడితే స్పీకర్ భద్రం అనుకోవడం తప్పు. యాంప్ మీద ఎర్ర దీపం మాటిమాటికీ వెలిగితే ఫేడర్ దించాల్సిందే.

సబ్‌వూఫర్ సంగతి వేరు, అది వేడికన్నా ఊపుకే ఎక్కువ పోతుంది. గొట్టమున్న పెట్టెలో, ఆ గొట్టం ట్యూన్ చేసిన స్థాయి కంటే కింది ధ్వనికి కోన్‌ను ఆపే గాలి ఉండదు. 25 హెర్ట్జ్ దగ్గర, కింది ధ్వనిని ఆపే హైపాస్ ఫిల్టర్ లేకపోతే కాయిల్ వెళ్లి వెనక ప్లేటుకు కొట్టుకుంటుంది.

2020 మార్చిలో మూతపడి నెలల తరబడి తెరవని హాళ్లు ఇంకో పాఠం నేర్పాయి: తేమ, తుప్పు, ఎలుకలు. వాడని హాల్లో ఫోమ్ అంచులు వేలితో తాకితే పొడిగా రాలతాయి. మళ్లీ తెరిచే ముందు రెండు చేతులతో కోన్‌ను సమానంగా నొక్కి గరగర శబ్దం ఉందేమో వినాలి.

వూఫర్ మార్చేటప్పుడు 1.5 వోల్టుల బ్యాటరీ ఒక్కసారి తాకించి కోన్ ఏ వైపు కదిలిందో చూడాలి. పాత తరం జేబీఎల్ వూఫర్లలో ఎర్ర టెర్మినల్‌కు ప్లస్ ఇస్తే కోన్ లోపలికి పోతుంది. వాటి పక్కన వేరే కంపెనీ వూఫర్‌ను రంగులు చూసి కలిపితే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, బేస్ లేదని మళ్లీ ఫేడర్ పెరుగుతుంది.

ఆన్ చేసేటప్పుడు ప్రాసెసర్ ముందు, యాంప్‌లు చివర. ఆపేటప్పుడు యాంప్‌లు ముందు. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారే హాళ్లలో యాంప్‌లకు కాస్త ఆగి కరెంటు ఇచ్చే టైమర్ రిలే ఉండటం మంచిది. ఒక్కో ఛానెల్ ఓమ్ విలువ, హాలు సౌండ్ సరిచేసిన రోజు ఫేడర్ అంకె ఒక కాగితం మీద రాసి ర్యాక్ తలుపు లోపల అంటించండి. నెలకోసారి మళ్లీ కొలిచి పక్కనే తేదీతో రాయండి. ఫేడర్ 7 దాటి స్థిరపడిన వారంలో, ముందు ఆ కాగితం చూడాలి.