సిటీకి ఎమర్జెన్సీ మేనేజర్ వస్తే స్కూలు మూతపడుతుందా? అపోహలు - వాస్తవాలు

ఆగస్టు వచ్చిందంటే నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "అక్కా, మా సిటీ అప్పుల్లో ఉందట. రాష్ట్రం మేనేజర్‌ని పెడుతుందట. పిల్లల్ని ఆ స్కూల్లోనే ఉంచమంటారా, తీసేయమంటారా?" మేనేజర్ అంటే అప్పుల్లో మునిగిన సిటీనో స్కూల్ డిస్ట్రిక్ట్‌నో నడపడానికి గవర్నర్ పంపే ఎమర్జెన్సీ మేనేజర్. ఏటా ఇదే ప్రశ్న, అడిగే గొంతు మాత్రం మారుతుంది. ఎవరో వాట్సాప్‌లో పాత వార్త ఒకటి పెడతారు, దాని మీద తేదీ ఉండదు, సాయంత్రానికి నాలుగు కుటుంబాలకు నిద్ర ఉండదు. నేను అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 17 ఏళ్లుగా స్కూల్ డిస్ట్రిక్టుల (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థల) లెక్కలు, సిటీల లెక్కలు ఆడిట్ చేస్తున్నాను. ఆ వార్త పెట్టేవాళ్ల మీద నాకు కోపమే. అది చదివి భయపడే తల్లిదండ్రుల మీద మాత్రం లేదు. కొత్త దేశం, కొత్త ఇల్లు, పిల్లల చదువు, భయపడక ఏం చేస్తారు?

అపోహ: సిటీ దివాలా తీస్తే స్కూలుకు డబ్బు ఆగిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మిగతావి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, దీని దగ్గర మాత్రం కాస్త ఆగాలి.

ఈ అపోహ మనవాళ్లకు ఎందుకు వస్తుందో నాకు తెలుసు. మా నాన్నగారు మునిసిపల్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. స్కూలు గేటు మీద మునిసిపాలిటీ పేరే ఉండేది. ఊరి స్కూలు అంటే ఊరి ఆఫీసుదే అన్న లెక్క మనకు చిన్నప్పటి నుంచీ ఉంది. మిషిగన్‌లో అలా కాదు. సిటీ ఒక సంస్థ, స్కూల్ డిస్ట్రిక్ట్ పూర్తిగా వేరే సంస్థ. సిటీకి మేయర్, కౌన్సిల్ ఉంటే, స్కూల్ డిస్ట్రిక్ట్‌కు విడిగా ఎన్నికైన బోర్డు ఉంటుంది. బ్యాంకు ఖాతాలు వేరు, అప్పులు వేరు, ఆడిట్ వేరు. సరిహద్దులు కూడా కలవవు. ట్రాయ్ సిటీలో ఇల్లు కొని, పిల్లల్ని వేరే పేరున్న డిస్ట్రిక్ట్‌కు పంపుతున్న తెలుగువాళ్లు ఎంతోమంది ఉన్నారు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. 1994 మార్చిలో ఓటర్లు స్కూళ్లకు డబ్బు వచ్చే దారి మార్చే ప్రపోజల్ ఏ అనే ప్రతిపాదనను ఆమోదించారు. అంతకుముందు స్కూలు ఖర్చు ఎక్కువగా ఊరి ఆస్తి పన్ను మీదే నడిచేది. 1993లో కాల్కాస్కా అనే ఊళ్లో పన్ను పెంపు ఓడిపోయి, డబ్బు లేక మార్చిలోనే బడులు మూసేశారు. ప్రపోజల్ ఏ వచ్చాక సేల్స్ ట్యాక్స్ 4 శాతం నుంచి 6 శాతానికి పెరిగింది, రాష్ట్రమంతటా ఆస్తి మీద 6 మిల్లుల విద్యా పన్ను వచ్చింది (మిల్లు అంటే పన్ను విలువలో వెయ్యి డాలర్లకు ఒక డాలర్). అదంతా రాష్ట్రం దగ్గర చేరి, అక్కడి నుంచి తలకు ఇంత అని డిస్ట్రిక్టులకు వెళుతుంది. 2023-24లో ఆ మొత్తం విద్యార్థికి 9,608 డాలర్లు. మీ మేయర్ ఆ డబ్బును ముట్టుకోలేడు. మీ సిటీకి ఎమర్జెన్సీ మేనేజర్ వచ్చినా ముట్టుకోలేడు.

నిజంగా జరిగినవే చూడండి. సినిమా స్టూడియో కడతామని అప్పు చేసి మునిగిన అలెన్ పార్క్ సిటీకి 2012లో మేనేజర్ వచ్చారు. 2013లో హామ్‌ట్రామిక్ సిటీకి వచ్చారు. రెండు చోట్లా స్కూళ్లు వాటి బోర్డుల కిందే నడిచాయి. దీనికి తలకిందులుగా, 2013లో ఇంక్‌స్టర్ స్కూల్ డిస్ట్రిక్ట్‌ను రాష్ట్రం రద్దు చేసి, పిల్లల్ని చుట్టుపక్కల నాలుగు డిస్ట్రిక్టులకు పంచింది. ఇంక్‌స్టర్ సిటీ మాత్రం అలాగే ఉంది. సిటీ వార్త చూసి స్కూలు గురించి తేల్చుకోవడం పక్కింటాయన బీపీ చూసి మనం మాత్ర వేసుకోవడం లాంటిది.

ఇంతకీ నష్టం ఎక్కడంటే, డబ్బు పిల్లవాడి వెంట వెళుతుంది. అక్టోబరు మొదటి బుధవారం కౌంట్ డే. ఆ రోజు స్కూల్లో ఉన్న పిల్లల లెక్క మీదే ఏడాది డబ్బులో 90 శాతం ఆధారపడుతుంది, మిగతా 10 శాతం అంతకుముందు ఫిబ్రవరి లెక్క మీద. పుకారు విని ఒక సబ్‌డివిజన్ నుంచి 20 మంది పిల్లలు వెళ్లిపోతే, 2023-24 లెక్కన 1,92,160 డాలర్లు పోయినట్టే. ఆ 20 మంది ఒకే క్లాసు నుంచి పోరు, తలా ఒక గ్రేడు నుంచి పోతారు. కాబట్టి ఒక్క టీచర్ జీతం కూడా తగ్గదు, బస్సు అదే రూటు తిరుగుతుంది, చలికాలం బాయిలర్ అంతే గ్యాస్ తాగుతుంది. మరుసటి ఏడాది మ్యూజిక్ టీచర్‌ను తీసేస్తారు. అది చూసి ఇంకో పది కుటుంబాలు వెళతాయి. నేను ఆడిట్ చేసిన డిస్ట్రిక్టుల్లో దెబ్బతిన్నవాటి కథ దాదాపు ప్రతిసారీ ఇలాగే మొదలైంది.

2013 జులై 18న డెట్రాయిట్ దివాలా పిటిషన్ వేసింది. అప్పులు దాదాపు 18 బిలియన్ డాలర్లు. ఆ వారం మాకు తెలిసిన ఒక జంట మా ఇంటికొచ్చి సోఫా అంచు మీద కూర్చున్నారు, పెట్టిన కాఫీ చల్లారిపోయింది. వాళ్లుండేది డెట్రాయిట్‌లో కాదు, పాతిక మైళ్ల దూరంలోని వేరే సిటీలో. అయినా డెట్రాయిట్ ఏరియా మొత్తం కూలిపోతుందని ఆఫీసులో ఎవరో చెప్పారట. వాళ్ల డిస్ట్రిక్ట్ ఆడిట్ రిపోర్టు తీసి, ఫండ్ బ్యాలెన్స్, అంటే చేతిలో ఉన్న మిగులు, దగ్గర వేలు పెట్టి చూపించాను. తల ఊపారు. సెప్టెంబరులో ఇల్లు తక్కువకు అమ్మేసి, ఇంకా దూరంలో ఎక్కువకు కొన్నారు. ఆయన ప్రయాణం రోజుకు గంట పెరిగింది. వాళ్లు వదిలిన డిస్ట్రిక్ట్ ఈ రోజుకీ బాగానే ఉంది. ఆ రోజు ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

మరి స్కూల్ డిస్ట్రిక్ట్‌కే ఇబ్బంది ఉందో లేదో ఎలా తెలుస్తుంది? డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో బడ్జెట్ ట్రాన్స్‌పరెన్సీ అని ఒక గుర్తు ఉంటుంది, ఉండాలని చట్టం. అందులో ఆడిట్ రిపోర్టు తెరిచి, జనరల్ ఫండ్ బ్యాలెన్స్ ఆదాయంలో ఎంత శాతమో చూడండి. వరసగా రెండేళ్లు 5 శాతం కంటే తక్కువ ఉంటే 2015 చట్టాల ప్రకారం రాష్ట్రం ప్రశ్నలు అడగడం మొదలుపెడుతుంది. అప్పుడు ఆందోళన పడండి, బోర్డు మీటింగ్‌కు వెళ్లి అడగండి. 12 శాతమో 15 శాతమో ఉంటే పిల్లల్ని కదపొద్దు.

అపోహ: ఎమర్జెన్సీ మేనేజర్ అంటే మన స్పెషల్ ఆఫీసర్ లాంటివాడే.

కాదు. మన దగ్గర మునిసిపాలిటీ పాలకవర్గం గడువు ముగిసి, ఎన్నికలు జరగకపోతే స్పెషల్ ఆఫీసర్ వస్తారు. మిషిగన్‌లో మేయర్, కౌన్సిల్ పదవిలో ఉండగానే, డబ్బు సంక్షోభం పేరుతో గవర్నర్ మేనేజర్‌ను పంపుతారు. వాళ్ల అధికారాలన్నీ ఆయన చేతికి పోతాయి. ఒప్పందాలు మార్చొచ్చు, ఆస్తులు అమ్మొచ్చు. ఇలాంటి అధికారాలిచ్చిన 2011 చట్టాన్ని 2012 నవంబరులో ఓటర్లు కొట్టేశారు. డిసెంబరులోనే శాసనసభ ఇంకో చట్టం తెచ్చింది. అందులో నిధుల కేటాయింపు కలిపారు కాబట్టి దాన్ని మళ్లీ ఓటుకు పెట్టే వీల్లేకుండా పోయింది. ఈ కొత్త చట్టంలో 18 నెలల తర్వాత కౌన్సిల్ మూడింట రెండొంతుల ఓట్లతో మేనేజర్‌ను పంపించొచ్చు. 2018 నాటికి ఆఖరి మేనేజర్ కూడా వెళ్లిపోయారు. చట్టం మాత్రం రద్దు కాలేదు.

అపోహ: మేనేజర్ వస్తే అప్పులు తీరిపోతాయి.

డెట్రాయిట్ పబ్లిక్ స్కూల్స్‌కు 2009 నుంచి 2016 మొదటి దాకా వరసగా నలుగురు మేనేజర్లు వచ్చారు. ఆ కాలంలోనే పిల్లల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. అప్పు తీరలేదు సరికదా, చివరికి పిల్లల కోసం రాష్ట్రం ఇచ్చే డబ్బులో పెద్ద ముక్క పాత అప్పులకే పోయేది. 2016 జనవరిలో గోడలకు బూజు, పగిలిన నేల, ఎలుకలు భరించలేక టీచర్లు మూకుమ్మడిగా సెలవు పెట్టారు. ఆ ఏడాది శాసనసభ 617 మిలియన్ డాలర్లు ఇచ్చి, జులై 1 నుంచి కొత్త డిస్ట్రిక్ట్ పెట్టింది. పాత సంస్థను పన్ను వసూలు చేసి అప్పు కట్టడానికే ఉంచారు. మస్కిగన్ హైట్స్‌లో 2012లో మేనేజర్ డిస్ట్రిక్ట్ మొత్తాన్ని ఒక చార్టర్ కంపెనీకి, అంటే ప్రభుత్వ డబ్బుతో బడులు నడిపే ప్రైవేటు కంపెనీకి, అప్పగించారు. రెండేళ్లకే ఆ కంపెనీ వెళ్లిపోయింది. పిల్లలు తగ్గిపోవడమే జబ్బు అయినప్పుడు పైనుంచి ఎవరొచ్చి కూర్చున్నా ఖర్చులు కోయడం తప్ప చేయగలిగింది కొంచెమే.

సిటీ వేరు, స్కూలు వేరు అన్నాను కదా, ఒక్క మాట చేర్చాలి. ఫ్లింట్‌లో మేనేజర్ ఉన్నది సిటీకే, స్కూల్ డిస్ట్రిక్ట్‌కు కాదు. కానీ స్కూలు కుళాయిలో నీళ్లు సిటీవే. 2014 ఏప్రిల్‌లో మేనేజర్ పాలనలో నీటి సరఫరా ఫ్లింట్ నదికి మారింది. తుప్పు పట్టకుండా కలపాల్సిన మందు కలపలేదు, పైపుల్లోని సీసం నీళ్లలోకి దిగింది. మళ్లీ డెట్రాయిట్ నీళ్లు వచ్చేసరికి 2015 అక్టోబరు అయింది. ఆ ఊరి తల్లులకు "స్కూలు ఖాతా వేరే" అని చెప్పగల ధైర్యం నాకు లేదు. సిటీ పరిస్థితి చూసి భయపడాల్సింది నీళ్ల గురించి, ఫైరింజన్ల గురించి. తలకు ఇంత అని వచ్చే స్కూలు డబ్బు గురించి కాదు.

అపోహ: ఖరీదైన ఊళ్లో పన్ను ఎక్కువ కాబట్టి టీచర్లకు డబ్బు ఎక్కువ.

కొన్ని పాత ధనిక డిస్ట్రిక్టులను వదిలేస్తే, నడిపే ఖర్చు విషయంలో ఇది నిజం కాదు. భవనాల విషయంలో మాత్రం నిజం. కొత్త బిల్డింగు, జిమ్, పైకప్పు వంటివన్నీ ఊరి ఓటర్లు ఒప్పుకున్న బాండ్ పన్నుతోనే, అంటే భవనాల అప్పు తీర్చే పన్నుతోనే. పేద ఊరికి అక్కడే అన్యాయం జరుగుతోంది.

అపోహ: లాటరీ డబ్బుతోనే స్కూళ్లు నడుస్తాయి. లాభం స్కూళ్ల ఫండ్‌కే పోతుంది. మొత్తంలో అది చిన్న భాగం.

అపోహ: స్కూల్ ఆపరేటింగ్ పన్ను అందరూ కట్టాల్సిందే.

ఇది చదివి లేచి మీ పన్ను బిల్లు తీయండి. "స్కూల్ ఆపరేటింగ్" అనే వరస చూడండి. మీరు సొంత ఇంట్లోనే ఉంటే అక్కడ సున్నా ఉండాలి. అంకె కనిపిస్తే, మీరు ప్రిన్సిపల్ రెసిడెన్స్ ఎగ్జెంప్షన్ (సొంత ఇంట్లో ఉండేవాళ్లకిచ్చే మినహాయింపు) ఫారం, అంటే 2368, ఇచ్చి ఉండరు. అది 18 మిల్లులు. ట్యాక్సబుల్ వాల్యూ, అంటే పన్ను లెక్కకు తీసుకునే విలువ, 2 లక్షల డాలర్లైతే ఏడాదికి 3,600 డాలర్లు. ఇల్లు కొన్నప్పుడు క్లోజింగ్‌లో సంతకం పెట్టిన కాగితాల్లో అదీ ఉందనుకుంటారు. ఒక్కోసారి ఆ కాగితం సిటీ అసెసర్ (ఆస్తి విలువ కట్టే అధికారి) దాకా చేరదు. సమ్మర్ బిల్లుకు జూన్ 1, వింటర్ బిల్లుకు నవంబరు 1 గడువు. దాటిపోయినా పన్ను అర్జీలు వినే బోర్డ్ ఆఫ్ రివ్యూకు జులైలోనో డిసెంబరులోనో అర్జీ పెట్టుకోవచ్చు, వెనక మూడేళ్ల దాకా అడగొచ్చు. ఇంకోటి, పాత యజమాని కట్టిన పన్ను చూసి బడ్జెట్ వేసుకోకండి. ఇల్లు చేతులు మారిన మరుసటి ఏడాది, పన్ను విలువ ఏటా పెరగడానికి ఉన్న క్యాప్ (పరిమితి) ఎత్తేస్తారు.

చివరగా దసరా సంగతి. 2025లో కౌంట్ డే అక్టోబరు 1న, దసరా 2న వచ్చాయి. సెప్టెంబరులో ఒకమ్మాయి ఫోన్ చేసింది. అత్తగారికి ఆపరేషన్, కొడుకును తీసుకుని విజయవాడ వెళుతోంది, టికెట్లు మార్చే వీల్లేదు. "వాడు లేకపోతే స్కూలుకు డబ్బు పోతుందటగా అక్కా, టీచర్ ఏమనుకుంటుందో" అని టెన్షన్. స్కూలు ఒప్పుకున్న సెలవైతే కౌంట్ డే తర్వాత 30 రోజుల్లోపు పిల్లవాడు క్లాసుకు వస్తే లెక్కలోకే వస్తాడు, చెప్పకుండా మానేస్తే మాత్రం పది బడి దినాలే గడువు అని చెప్పాను. ఆ సాయంత్రమే స్కూల్ ఆఫీసుకు ఈమెయిల్ రాసింది, రిటర్న్ టికెట్ కాపీ జత చేసింది. అక్టోబరు 20న పిల్లవాడు పూతరేకుల డబ్బా పట్టుకుని బడికి వెళ్లాడు, ఆఫీసులో ఉండే సెక్రటరీకి ఇవ్వమని నానమ్మ పంపిందట.