ముత్తాత గీసిన గీతలు

బిడ్డలారా,

మొన్న ఫోన్‌లో చిన్నోడు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. బడిలో ‘మా కుటుంబం’ గురించి రాసుకురమ్మన్నారట. వాళ్లమ్మ “మీ ముత్తాత గీత కార్మికుడు” అని చెప్పిందట. వీడు వెంటనే నాకు ఫోన్ చేసి, “తాతా, ముత్తాత ఏం బొమ్మలు గీసేవాడు?” అన్నాడు. అది రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

ముత్తాత, అంటే మా నాయిన, బొమ్మలు గీయలేదురా. చెట్లు గీసేవాడు. తాటిచెట్టును, ఈతచెట్టును కత్తితో సన్నగా చెక్కి కల్లు తీయడాన్ని మన దిక్కు గీయడం అంటారు. గీత కార్మికుడు అన్న మాట అక్కడిదే.

చెట్టులోంచి కల్లు ఎట్లా వస్తుందంటారా? ఊరికి వచ్చినప్పుడు అవ్వ బర్రె పాలు పిండడం చూశారు కదా, తాటిచెట్టునూ బర్రె అనుకోండి. బర్రె పాలు దూడ కోసం. తాటిచెట్టులోని తీపి నీళ్లు దాని పూలకోసం, కాయలకోసం. చెంబు పట్టుకొని పోయి కూర్చోగానే బర్రె పాలివ్వదు. దూడను విడవాలి, పొదుగు నిమరాలి, అప్పుడు చేపుతుంది. తాటిగెల కూడా అంతే. కొత్తగా వచ్చిన గెలను కట్టి, రోజూ కాసేపు మెల్లగా నలపాలి. కొన్నాళ్లకు అది చేపుతుంది. అప్పుడు కొసన కాగితమంత పలచగా చెక్కి, కింద లొట్టి, అంటే కల్లుకుండ, కడితే చుక్క చుక్క పడుతుంది. పొద్దున, మాపున వెళ్లి మళ్లీ కాస్త చెక్కాలి. పిండడం మానేస్తే బర్రె వట్టిపోయినట్టు, చెక్కడం మానేస్తే గెల ఎండిపోతుంది. అందుకే ఇంట్లో పెళ్లయినా చావయినా నాయిన చెట్టెక్కడం మానేవాడు కాదు.

పాలు తోడుకున్నట్టే కల్లు పులుస్తుంది. గాలిలో, పాత లొట్టి గోడల్లో ఉండే ఈస్ట్ దానికి తోడు. అది చక్కెర తిని మత్తును, నురగను పుట్టిస్తుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులవకుండా తియ్యగా ఉంటుంది. అట్లా పులవకుండా దించినదే నీరా. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు కదా, అక్కడ పోసేది అదే.

ఒక్కచోట మాత్రం నా పోలిక పనికిరాదు. దున్నపోతు పాలివ్వదు. తాటిచెట్లలో పోద్దాడు, అంటే కాయలు కాయని మగచెట్టు కూడా కడుపునిండా కల్లిస్తుంది. ఎండాకాలంలో చెరువులు ఎండి, బావులు అడుగంటి, నేల నెర్రెలు బారినప్పుడు అంత ఎత్తున ఆ తీపి నీళ్లు ఎక్కడివి? ఇన్నేళ్లు చూసినా నాకు ఆశ్చర్యం తీరలేదు.

దించిన కల్లును మండువలో పోసేవాళ్లు. మండువ అంటే మీరు టీవీలో చూసే బార్ లాంటిది కాదు. తాటిచెట్ల కింద నాలుగు గుంజల పందిరి, వెనక ఒక గోడ, కూర్చోవడానికి బండరాళ్లు, వరుసగా లొట్లు. గ్లాసులు లేవు. లేత తాటాకును మడిచి రేక కట్టి రెండు చేతులా పట్టుకుంటే, నాయిన పైనుంచి సన్నటి ధారగా పోసేవాడు. మా అవ్వ పక్కన బొబ్బర్ల గుడాలు అమ్మేది. పొలం పని దిగినవాళ్లు, ఆడవాళ్లు, ముసలివాళ్లు అందరూ అక్కడే కలిసేవాళ్లు. ఎడ్ల బేరాలు, పెళ్లి మాటలు, గట్టు తగాదాలు అన్నీ అక్కడే. ఎల్లమ్మ తల్లికి సాక, అంటే మొక్కుగా కల్లు, పోయాలన్నా అది మన మండువ నుంచే పోయేది. వెన్నెల రాత్రుల్లో సర్వాయి పాపన్న కథ నడిచేది. మూడు వందల ఏళ్ల కిందట మొగలు సుబేదార్ల మీద తిరగబడిన పాపన్న మనలాగే గీత కుటుంబంలో పుట్టినవాడు. ఖిలాషాపూర్‌లో ఆయన కోట ఇప్పటికీ ఉంది, మిమ్మల్ని తీసుకెళ్తాను.

మండువలో నాకూ ఒక పనుండేది. అప్పు తాగినవాళ్ల పేరున గోడమీద బొగ్గుతో గీత గీయాలి. లొట్టికో గీత. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఒకాయన జేబులోంచి దోరజామకాయ తీసి నాకిచ్చి, తన గీతల్లో రెండు తుడిచేయమన్నాడు. తుడిచేశాను. మాపటికి నాయిన గోడ ముందు నిలబడి చూశాడు. తిట్టలేదు, కొట్టలేదు. బొగ్గుముక్క నా చేతికిచ్చి “ఎన్ని ఉండెనో అన్ని గీయి” అన్నాడు. గీస్తుంటే చేయి వణికింది. బిడ్డలారా, లెక్క చేతికి అప్పజెప్పారంటే నమ్మకం అప్పజెప్పినట్టే. జామకాయలు చాలామంది ఇవ్వజూపుతారు.

తాగి ఇల్లు మరిచేవాళ్లకు నాయిన రెండో రేక పోసేవాడు కాదు. ఇప్పుడు కొన్నిచోట్ల చెట్టెక్కకుండానే కల్లు తయారవుతోంది. నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మందులు కలిపి పోస్తున్నారు. అది తాగి మనుషులు పాడైపోతున్నారు. దాన్ని కల్లు అని పిలుస్తుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

నాయిన ఛాతీ గురించి కూడా చెప్పాలి. నడుముకు ముత్తాదు అనే పట్టీ, చెట్టు చుట్టూ మోకు అనే లావు తాడు, కాళ్లకు గుజి అనే బంధం. వాటితో చెట్టును కావలించుకొని ఎక్కేవాడు. రోజూ అన్ని చెట్లు ఎక్కీ దిగీ ఛాతీమీద చర్మం చెప్పు అట్టలా గట్టిపడింది. నేను చిన్నప్పుడు అక్కడ వేలితో గీకి, “నొప్పి పెడుతుందా?” అని అడిగేవాణ్ణి. నవ్వేవాడు. మా చిన్నాయినకు అంత అదృష్టం దక్కలేదు. ఒక కార్తీకంలో ముసురు పట్టిన పొద్దున ఆకులు కొట్టడానికి తాటిచెట్టెక్కాడు. మోకు జారింది. ప్రాణం దక్కింది కానీ మళ్లీ నడవలేదు. 2024లో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్ష కవచం’ పేరుతో సేఫ్టీ కిట్లు ఇస్తున్నారని టీవీలో చూసినప్పుడు ఆ బెల్టును, ఆ తాడును చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

మండువ ఇప్పుడు లేదు. గోడ కూలిపోయింది, బొగ్గు గీతలు వానకు పోయాయి. కానీ చిన్నోడు అడిగిన ముత్తాత గీతలు మాత్రం ఉన్నాయి. ఈతచెట్టు తాటిచెట్టులా కాదు. దాని గెలను గీయరు, మొవ్వు కింద మెడను గీస్తారు. చలికాలం వస్తే ఒక ఏడు ఈ పక్క, మరో ఏడు ఆ పక్క. చెట్టు పైకి పెరిగిపోతుంది, గాటు ఉన్నచోటనే ఉండిపోతుంది. అందుకే ముదురు ఈతచెట్టు మెట్లు చెక్కినట్టు వంకరటింకరగా కనిపిస్తుంది.

ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు మన చెలక గట్టుమీది పెద్ద ఈతచెట్టు దగ్గరికి పోండి. ముళ్లున్నాయి, చెప్పులు వేసుకోండి. కింది నుంచి గాట్లు లెక్కపెట్టండి. అడుగున ఉన్నవి మా తాతవి, వాటి పైవి నాయినవి. సగం దాకా వచ్చాక ఒకచోట రెండు గాట్ల మధ్య ఎడం ఎక్కువగా ఉంటుంది. చేత్తో తడిమితే తెలుస్తుంది. ఆ చలికాలం నాయిన చెట్టు గీయలేదు. ఆసుపత్రిలో తమ్ముడి మంచం పక్కన కూర్చున్నాడు.

మీ తాత