ఆ కాంట్రా క్యాసెట్ ఎప్పుడు ఒరిజినల్?

ఎర్రగడ్డ ఆదివారం సంతలో మళ్ళీ అదే పంచాయితీ. పోయిన వారం ఒక కుర్రాడు 3,500 రూపాయలు పోసి పాత వీడియో గేమ్ కాంట్రా క్యాసెట్ కొన్నాడు. 'ఒరిజినల్' అని చెప్పి అమ్మారు. ఇంటికెళ్ళి స్క్రూ విప్పితే లోపల పచ్చ బోర్డు మీద తారు చుక్క పడ్డట్టు నల్లటి ముద్ద. దాని మీద పేరు లేదు, నంబరు లేదు, అంటే నకిలీ. ఈ ఆదివారం ముగ్గురు దోస్తులను వెంటేసుకుని వచ్చాడు. అమ్మినాయన గోనెపట్టా మీద చార్జర్లు, రిమోట్లు సర్దుకుంటూనే, "చిన్నప్పుడు నువ్వు ఆడింది ఇదే కదా భయ్యా" అన్నాడు. మంట అక్కడ అంటుకుంది.

కొనేవాళ్ళ ఆరోపణ ఒకటే: సరుకు దాచేసి, నకిలీలు అంటగడుతున్నారు. ప్రపంచమంతా కోట్లలో అమ్ముడైన ఆటలు ఇంత ఊళ్ళో ఒక్కటి కూడా ఎందుకు దొరకవు? సూపర్ మారియో బ్రదర్స్ ఒక్కటే నాలుగు కోట్ల దాకా అమ్ముడైంది కదా అని వాళ్ళ లెక్క.

1983లో జపాన్‌లో నింటెండో ఫామికామ్ (టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి ఆడే గేమ్ పెట్టె) రావడం, దానికి తైవాన్, చైనాల్లో నకళ్ళు పుట్టడం అందరికీ తెలిసిన కథే కాబట్టి వదిలేద్దాం. హైదరాబాద్ సంగతి తేలాలంటే చూడాల్సింది తొంభైల్లో మన వీధి దుకాణాల్లో నడిచిన ఎక్స్చేంజ్.

మా వీధిలో కిరాణా కొట్టు పక్కనే ఉండేది ఆ షాపు. గాజు బీరువాలో క్యాసెట్లు వరసగా నిలబెట్టి ఉండేవి. మన దగ్గరున్నది ఇచ్చి, పైన ఇరవయ్యో ముప్పయ్యో కలిపితే ఇంకోటి చేతికొచ్చేది. అట్టపెట్టె ఉంటే దాన్ని మొదటి రోజే తీసి పారేసేవాడు షాపాయన, బీరువాలో చోటు తింటుందని. ఒక వేసవిలో మేము ఇచ్చేసిన ఐలాండర్ క్యాసెట్ రెండు నెలలకి మళ్ళీ మా ఇంటికే వచ్చింది. లేబుల్ మూలన మా అన్న బాల్‌పెన్నుతో గీసిన నక్షత్రం అలాగే ఉంది. ఈలోపు ఎన్ని ఇళ్ళు తిరిగిందో, ఎంతమంది దాని నోట్లోకి ఉఫ్ అని ఊదారో. అలా ఊదినప్పుడల్లా ఉమ్మి తడి తగిలి రాగి పిన్నులు నల్లబడేవి. చివరికి ఎన్నిసార్లు ఊదినా తెర మీద గళ్ళు తప్ప బొమ్మ రాని రోజు వచ్చేది. అప్పుడది పాత సామాను వాడి తక్కెడలోకి.

ఈ నగరంలో క్యాసెట్ ఎవరి సొంతమూ కాదు, అసలు గుట్టు ఇదే. అమెరికాలో పిల్లాడు పెద్దయ్యాక అటక మీద పెట్టె దింపితే అందులో ఆటలుంటాయి. మన అటకల మీద మిగిలితే గిన్నెలూ, బొమ్మరిల్లూ, పదో తరగతి పుస్తకాలూ. క్యాసెట్ ఎప్పుడూ రోడ్డు మీదే ఉండేది.

కోఠి గుజరాతీ గల్లీలో అప్పట్లో టోకు వ్యాపారం చూసిన పెద్దాయన ఒకరిని కదిపితే నవ్వారు. "ఒరిజినల్ మేమే చూడలేదు, మీకెక్కడి నుంచి తెస్తాం?" అని. ఆయన మాట కొట్టిపారేయలేం. వినియోగ వస్తువుల దిగుమతి మీద పరిమితులు పూర్తిగా పోయింది 2001 ఏప్రిల్ 1న. అంతకుముందు, 1995లో, షా వాలెస్ కంపెనీ ద్వారా సెగా మెగా డ్రైవ్ అనే గేమ్ పెట్టె అధికారికంగా వచ్చినప్పుడు దాని ధర 18,000 రూపాయలు. ఆ రోజుల్లో ఆ డబ్బుతో టీవీయే వచ్చేది. మధ్యతరగతి ఇంటికి చేరినవన్నీ మీడియా, మిటాషి లాంటి పేర్లతో అమ్మిన ఫామికామ్ నకలు పెట్టెలే.

ఆ పెట్టెల్లో క్యాసెట్ దూరే చోట ఉండేవి 60 పిన్నులు, ఫామికామ్ లెక్క ప్రకారం. అమెరికాలో అమ్మిన అసలు కాంట్రాకి 72 పిన్నులు. అంటే ఆ ఒరిజినల్‌ని ఎవరైనా తెచ్చి చేతిలో పెట్టినా మన పెట్టెలో దూరేది కాదు. ట్యాంకుల ఆట బ్యాటిల్ సిటీ సంగతి ఇంకా విడ్డూరం. నామ్కో అనే జపాన్ కంపెనీ దాన్ని 1985లో ఫామికామ్ కోసం జపాన్‌లో అమ్మింది, ఆ కాలంలో అమెరికా నింటెండోకి అది రానేలేదు. బోరబండ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా అందరికీ కంఠతా వచ్చిన ఆట అది. 'ఇంగ్లిష్ లేబుల్ ఉన్న ఒరిజినల్ బ్యాటిల్ సిటీ' కావాలని ఇప్పుడు సంతలో అడిగేవాళ్ళున్నారు.

అయితే అమ్మేవాళ్ళు కడిగిన ముత్యాలేమీ కాదు. తొంభైల నాటి నకలు వేరు, నిన్న చైనా నుంచి తెప్పించి, రంగు ప్రింటర్‌లో లేబుల్ కొట్టి అంటించింది వేరు. పాతదాని ప్లాస్టిక్ పసుపు తిరిగి ఉంటుంది, లేబుల్ అంచులు లేచి ఉంటాయి. అలాంటిదాన్ని పాత నకలు అని చెప్పి అమ్మితే ఇప్పుడు దానికీ గిరాకీ ఉంది. కొత్తదానికి 'ఒరిజినల్' అని పేరు పెట్టడం దగ్గరే తేడా కొట్టింది.

'క్యాసెట్లంటే సరే, డిస్కుల సంగతేంటి' అని కొనేవాళ్ళ ఎదురు ప్రశ్న. దిగుమతులు తెరుచుకున్నాయి, డిస్కులతో ఆడే సోనీ ప్లేస్టేషన్ 2ని (పీఎస్2) షోరూముల్లోనే అమ్మారు, ప్రపంచవ్యాప్తంగా 15 కోట్లకు పైగా పోయాయి. మరి ఇక్కడ డిస్కులెందుకు లేవు? ఎందుకంటే మన దగ్గర పీఎస్2 కొన్నాక చాలామంది చేసిన మొదటి పని చిప్ వేయించడం. చిప్ ఉంటే కాపీ డిస్కు చాలు. పీఎస్2 మీద అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన జీటీఏ: శాన్ ఆండ్రియాస్ ఆటని మన దోస్తులంతా ఆడారు. పెట్టెతో సహా కొన్నవాడు మీకెవరైనా తెలుసా? నాకు ఒక్కడే తెలుసు, వాడూ అమెరికా నుంచి తెచ్చుకున్నాడు.

బాధ కలిగించేది హనుమాన్: బాయ్ వారియర్ సంగతి. 2009లో పీఎస్2 కోసం వచ్చిన ఈ ఆటని చేసింది మన హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్. పూర్తిగా భారత్‌లోనే తయారైన తొలి కన్సోల్ (పీఎస్2 లాంటి గేమ్ పెట్టె) ఆటగా దానికి పేరు. కబడ్డీ, చిర్రగోనె లాంటి ఆటలతో వచ్చిన దేశీ అడ్డా కూడా ఇక్కడి గేమ్‌శాస్త్ర కంపెనీదే. మన ఊరి కుర్రాళ్ళు కూర్చుని చేసిన డిస్కు కోసం ఇప్పుడు ముంబయి, ఢిల్లీ అమ్మకందార్లకు మెసేజ్‌లు పెట్టాల్సి వస్తోంది. 2013లో సోనీ పీఎస్2 తయారీ ఆపేశాక షాపులు మిగిలిన సరుకును అయినకాడికి వదిలించుకున్నాయి. ఇక్కడైతే సరుకు దాచింది ఎవరూ లేరు, కొన్నది ఎవరూ లేరు.

ఇక ఎర్రగడ్డకు వస్తే, పంచాయితీ ఇంకా తెగలేదు. కుర్రాడు 3,500 వెనక్కి ఇవ్వమంటున్నాడు. డబ్బులు ఇవ్వను, ఎక్స్చేంజ్ చేస్తానంటున్నాడు అమ్మినాయన. సంచిలోంచి నాలుగు క్యాసెట్లు తీసి పట్టా మీద పరిచాడు. ఐలాండర్ కావాలంటే మాత్రం పైన రెండొందలు కలపాలట.