వెన్నెల్లో ఎర్రచున్నీ ఏ రంగు?

మా అక్క కూతురు ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసి వేసవి సెలవులకి మా ఇంటికొచ్చింది. ఒక రాత్రి దాన్ని కూర్చోబెట్టి ‘మాయాబజార్’ పెట్టాను, 1957 నాటి అసలు నలుపు తెలుపు సినిమా. ఆరు నిమిషాలు బుద్ధిగా చూసింది. ఏడో నిమిషంలో "మామయ్యా, ఒకటిన్నర స్పీడులో పెట్టుకుందామా?" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. మీకు ఓపిక లేదు, రుచి తెలీదు అని ప్రతి తరమూ తర్వాతి తరాన్ని తిట్టే తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది, ఈలోగా కరెంటు పోయింది.

ఉక్కపోత భరించలేక ఇద్దరం డాబా ఎక్కాం. పౌర్ణమి వెళ్లి మూడు రోజులైంది కాబట్టి చంద్రుడింకా రాలేదు, వీధి మొత్తం చీకటి. టీవీ ముందునుంచి లేచొచ్చిన కళ్లకి మెట్లు కూడా ఆనలేదు, పిల్ల నా భుజం పట్టుకుని నడిచింది. కాసేపటికి నీళ్ల ట్యాంకు కనపడింది. ఆ తర్వాత పక్కింటి మునగచెట్టు. అరగంటయ్యేసరికి కాయలు లెక్కపెట్టేట్టున్నాం. చీకటి అంతే ఉంది, మారింది మన కళ్లే. అది అడిగిన స్పీడు ప్రశ్నకి జవాబు కళ్లు చీకటికి ఎలా సర్దుకుంటాయో చూపిస్తూ పాతికేళ్లుగా నేను క్లాసులో గీస్తున్న ఒక గ్రాఫులోనే ఉందని అక్కడ, ఆ పరుపు మీద వెల్లకిలా పడుకున్నప్పుడు తట్టింది.

కంటి వెనక రెటీనాలో దండాలు (మసక వెలుతురుకి), కోనులు (పగటి వెలుతురుకీ రంగులకీ) అని రెండు రకాల కణాలుంటాయని పదో తరగతిలో అందరం చదివాం, కాబట్టి ఆ సోదంతా వదిలేస్తాను. అసలు రుచంతా రొడాప్సిన్‌లో ఉంది. దండాల్లో నిండి ఉండే ఈ పదార్థంలో ఆప్సిన్ అనే ప్రొటీను, దాని ఒళ్లో వంగి కూర్చున్న రెటినాల్ అనే చిన్న అణువు ఉంటాయి. వెలుతురు తగలగానే ఆ వంగిన అణువు నిటారుగా లేచి నిలబడుతుంది, ఇక ప్రొటీనులో ఇమడక బయటికొచ్చేస్తుంది. ఒకసారి లేచినది మళ్లీ అక్కడే వంగి కూర్చోలేదు, రెటీనా వెనకున్న పొరలోకి వెళ్లి, అక్కడ మళ్లీ వంపు తిరిగి, తిరిగి రావాలి. చాకిరేవుకెళ్లిన బట్టల్లాగన్నమాట, ఉతికి ఆరి ఇంటికి రావాలంటే టైము పడుతుంది. అందుకే బాగా వెలుతురులోంచి చీకట్లోకి వెళ్తే కోనులు పది నిమిషాల్లోపే తమ చేతనైనంత సర్దుకుంటాయి, గ్రాఫు అక్కడ కాస్త చదునవుతుంది, అప్పుడు దండాలు అందుకుంటాయి. అవి పూర్తిగా తేరుకోవడానికి అరగంట పైనే కావాలి. ఆ అరగంటలో కంటి సున్నితత్వం లక్ష రెట్లకి పైగా పెరుగుతుంది. మధ్యలో ఎవడైనా మొహం మీద టార్చి వేశాడంటే మాత్రం, ఉతికి తెచ్చిన బట్టలన్నీ మళ్లీ బురదలో పడ్డట్టే.

మ్యాట్నీకి లేటుగా వెళ్లిన మా తరంవాళ్లకి ఇది ఒంటికి తెలిసిన సంగతి. ఎండలోంచి హాల్లోకి అడుగుపెడితే గేటు దగ్గర టార్చిలైటు పట్టుకున్న మనిషే దిక్కు, ఎవరి కాళ్లు తొక్కామో ఎవరి ఒళ్లో కూర్చోబోయామో తెలిసేది కాదు. సినిమాకి ముందు వేసే ఫిలిమ్స్ డివిజన్ వారి సర్కారీ న్యూస్‌రీలుని అందరం విసుక్కునేవాళ్లం గానీ, వరదలో గోధుమ పంటలో ఏవో చూపిస్తూ అది చేసింది ఒక పెద్ద పని: కళ్లకీ మనసుకీ కూడా సర్దుకునే టైము ఇచ్చింది. ఇప్పుడు ఇంట్లో సినిమా మొదలయ్యే ముందు "ఇంట్రో వదిలెయ్" అనే బటన్ ఉంది.

పాత సినిమా చూడటం చీకటికి కళ్లు సర్దుకోవడం లాంటిదని నా వాదన. సినిమాలో ఒక కత్తిరింపుకీ మరో కత్తిరింపుకీ మధ్య ఉండే ముక్కని షాట్ అంటారు. కార్నెల్ యూనివర్సిటీలో జేమ్స్ కటింగ్ అనే సైకాలజిస్టు (ఇంటిపేరు నేను పెట్టింది కాదు) హాలీవుడ్ సినిమాల షాట్లని కూర్చుని లెక్కపెట్టించాడు. 1930 ప్రాంతంలో సగటున 12 సెకన్లుండే షాటు ఈ కాలానికి రెండున్నర సెకన్లకి దిగిందని తేల్చాడు. రోజంతా రెండున్నర సెకన్ల వెలుతురులో ఉన్న పిల్లని తెచ్చి 12 సెకన్ల గదిలో కూర్చోబెడితే ఏం కనపడుతుంది? చీకటే కనపడుతుంది. దాన్నే అది "స్లో" అంటుంది. నిజానికి ఆ 12 సెకన్లలో వెనక నిలబడ్డ చెలికత్తె కూడా నటిస్తూ ఉంటుంది, కాకపోతే అది చూడాలంటే కన్ను విప్పారాలి. మధ్యలో ఫోను తీసి ఒక రీలు చూస్తే మళ్లీ మొదటికి. ఫోను వెలుతురు రొడాప్సిన్‌ని చెరిపినట్టే ఆ రీలు ధ్యాసని చెరుపుతుంది, మళ్లీ పావుగంట పోతుంది.

ఇదంతా ముసలాయన ఊహ అనుకునేవాళ్లకి ఒక ప్రయోగం చెబుతాను. మెదడు శాస్త్రవేత్త యూరీ హాసన్, ఆయన తోటివాళ్లు మనుషుల్ని ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ స్కానర్లో (మెదడులో ఏ భాగం ఎప్పుడు పని చేస్తోందో చూపే యంత్రం) పడుకోబెట్టి వీడియోలు చూపించారు. ఒకే క్షణంలో వేరువేరు మనుషుల మెదళ్లు ఎంతమేరకు ఒకేలా స్పందిస్తున్నాయో కొలిచి 2008లో ప్రచురించారు. పార్కులో కెమెరా పెట్టి ఊరికే తీసిన వీడియోకి మెదడు పైపొరలో 5 శాతంలోపే అందరికీ కలిసింది. 1966 నాటి ఒక కౌబాయ్ సినిమాకి 45 శాతం. హిచ్‌కాక్ టీవీ కోసం తీసిన ఒక కథకి ఏకంగా 65 శాతం, అది 1961 నాటిది! దాదాపు 50 ఏళ్ల నాటి సరుకు, కొత్త మెదళ్లని చెవి పట్టుకుని తనకి కావలసిన వైపు తిప్పుకుంది. మెదళ్లు కలిసినంత మాత్రాన సినిమా నచ్చినట్టు కాదు, ఆ మాట వాళ్లే జాగ్రత్తగా చెప్పుకున్నారు. కానీ పట్టు పాతబడలేదని మాత్రం తేలింది.

ఇంకా ఉంది. చూపు సూటిగా పెట్టినప్పుడు వెలుతురు పడే చోటు, పచ్చచుక్క నడుమ, దండాలు అసలుండవు. అందుకే మసక నక్షత్రాన్ని గుచ్చి చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకి చూస్తే మెరుస్తుంది. ఆ రాత్రి డాబా మీద పిల్లతో ఈ ఆట ఆడించాను, పది నిమిషాలు కేకలు పెట్టింది. పాత సినిమానీ ఇలాగే కొంచెం ఓరగా చూడాలి. గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయో అని గుచ్చి చూస్తే అట్టముక్కలు కనపడతాయి. పక్కనున్న రేలంగిని చూడు, ఎస్వీ రంగారావు కనుబొమల్ని చూడు. ఆకాశం చూసేవాళ్లు ఎర్ర టార్చి వాడతారు, ఎరుపుకి దండాలు పెద్దగా చలించవు కాబట్టి చీకటి చెడకుండా దారి తెలుస్తుంది. మా అమ్మ సినిమా మధ్యలో "వీడే బలరాముడు, కోపిష్టి" అని చెవిలో అనేది చూశారూ, అదీ ఎర్ర టార్చి. నాలాగా పాజ్ చేసి పావుగంట ఉపన్యాసం ఇవ్వడం ఫ్లడ్‌లైటు. టీచర్లకి ఈ జబ్బు పుట్టుకతో వస్తుంది.

అరగంట కాదు కదా రాత్రంతా కూర్చున్నా చీకట్లో కనపడనివాళ్లుంటారు. రేచీకటి. మా చిన్నప్పుడు పల్లెల్లో దాన్ని పూర్వజన్మ పాపం అనీ, దిష్టి అనీ తాయెత్తులు కట్టేవాళ్లు, ఆ పక్కనే మునగాకు గుబురుగా పెరుగుతూ ఉండేది. లోపం విటమిన్ ఎ. రెటినాల్ తయారీకి అదే ముడిసరుకు, అది లేకపోతే రేవుకి పంపడానికి బట్టలే లేవు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగానే పసిపిల్లలకి ఆర్నెల్లకొకసారి విటమిన్ ఎ మోతాదు పోసే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. తాయెత్తు చెయ్యలేని పని చెంచాడు మందు చేసింది.

మరి సినిమాకి విటమిన్ ఎ ఏమిటి? ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏది పరువో ఏది అవమానమో ముందే తెలిసుండటం. దక్షిణ టర్కీ కొండల్లో, అంతవరకూ సినిమా గానీ టీవీ గానీ చూడని పెద్దవాళ్లకి స్టీఫన్ ష్వాన్, సెర్మిన్ ఇల్దిరార్ అనేవాళ్లు చిన్న చిన్న ఫిల్ములు చూపించి 2010లో ఫలితాలు చెప్పారు. రోజూ తాము చేసే పని ఏదైనా షాటు నుంచి షాటుకి సాగుతుంటే, మధ్యలో కత్తిరింపులున్నా వాళ్లు సులువుగా కథ అల్లుకున్నారు. ఆ దారం లేనప్పుడు తికమకపడ్డారు. మా పిల్ల విషయంలో ఈ విటమినుకి లోటు లేదు. ఘటోత్కచుడెవరో తెలుసు, ‘వివాహ భోజనంబు’ పెళ్లి వీడియోల్లో విని విని నోటికొచ్చు, ‘వీరతాడు’, ‘దుష్టచతుష్టయం’ అనే మాటలు ఎక్కడినుంచొచ్చాయో తెలీకుండానే ఫ్రెండ్స్ మీద ప్రయోగిస్తుంది. డల్లాస్‌లో పుట్టి తెలుగు చెవిన పడకుండా పెరిగిన పిల్లాడికైతే ఎన్ని నిమిషాలిచ్చినా చాలకపోవచ్చు, ముందు నాలుగు కథలు చెప్పాలి.

నాకు నచ్చని సంగతొకటి ఉంది. వయసు పెరిగేకొద్దీ చీకటికి సర్దుకోవడం నెమ్మదిస్తుంది. అంటే ఈ పనిలో మనకన్నా పిల్లలే చురుకు. కొత్త సినిమా పెడితే ఐదు నిమిషాలకే "ఏంటీ కుప్పిగంతులు" అని లేచిపోయే నాలాంటివాళ్లం, వాళ్లని ఓపిక లేదని తిట్టడం ఏం న్యాయం?

ఈ పోలికని ఇంతకన్నా సాగదీస్తే తెగుతుంది. ధ్యాసకి రొడాప్సిన్ లేదు, సీసాలో పట్టి కొలవలేం. పైగా సర్దుకున్న కంటికి అందం ఎలా కనపడుతుందో బూజు కూడా అలాగే కనపడుతుంది. పాత సినిమాలు చాలావాటిలో మొగుడు పెళ్లాన్ని చెంపదెబ్బ కొడితే హాలంతా చప్పట్లు, అది మా పిల్లకి నచ్చకపోతే లోపం దాని కంట్లో లేదు. పాతవన్నీ గొప్పవనడం కూడా తాయెత్తు లాంటి నమ్మకమే. మిగిలినవాటిని చూసి అలా అనుకుంటాం. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’, 1932 నాటిది, ఇప్పుడు ఒక్క ప్రింటు కూడా లేదు. కాలం జల్లెడలో మంచివే మిగల్లేదు, చెత్తే పోలేదు.

తొమ్మిది దాటాక చంద్రుడొచ్చాడు. "నీ చున్నీ ఏ రంగు?" అనడిగాను. చూసుకుని "నలుపు" అంది, వెంటనే నాలుక కరుచుకుంది. అది ఎర్రచున్నీ. ఆ మసక వెలుతురుకి కోనులు దాదాపు నిద్రపోతాయి, దండాలకి రంగు తెలీదు, అందులోనూ ఎరుపంటే మరీ గుడ్డి. వెన్నెల్లో మనమంతా నలుపు తెలుపు సినిమాలోనే ఉంటాం.

అక్కణ్నించి ‘లాహిరి’ పాట మీదికి మళ్లాం. ఆ వెన్నెల కెమెరామన్ మార్కస్ బార్ట్లీ సృష్టి. నిజం వెన్నెల్లో ఎందుకు తియ్యలేరో పిల్ల చేతే లెక్క కట్టించాను. వెలుతురుని లక్సుల్లో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్సులు, నిండు పున్నమి పావు లక్సు, తేడా 4 లక్షల రెట్లు. ఎండలో లెన్సుని ఎఫ్/16 దాకా (ఈ అంకె పెద్దదయ్యేకొద్దీ లెన్సు సందు చిన్నదవుతుంది) మూసి సెకనులో 50వ వంతు తెరిస్తే బొమ్మ పడుతుందనుకుందాం. రాత్రి లెన్సుని ఎఫ్/2 దాకా విప్పితే 64 రెట్లు కలిసొస్తుంది, ఇంకా 6,250 రెట్లు బాకీ. దాన్ని టైముతో తీర్చాలి, అంటే ఒక్క ఫ్రేముకి 125 సెకన్లు. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్క సెకను సినిమాకి 50 నిమిషాలు! పడవ కదలకుండా, ఎవరూ రెప్పవెయ్యకుండా. కాబట్టి వెన్నెలని దీపాలతో, ఫిల్టర్లతో, ఎక్కడ నీడ ఉంచాలో తెలిసిన కంటితో వండాలి.

కరెంటొచ్చింది. ఫోన్లు రెండూ వంటింట్లో పెట్టి మళ్లీ కూర్చున్నాం. తొందరలో నేను 2010లో విడుదలైన రంగుల వెర్షన్ పెట్టేశానని గమనించలేదు. స్పీడు సంగతి మళ్లీ ఎత్తకుండా చూస్తూనే ఉంది. ‘లాహిరి’ పాట వచ్చింది. పడవ కదిలిన కాసేపటికి రిమోట్ తీసి తనే పాజ్ కొట్టింది.

"మామయ్యా, ఇది వెన్నెల కదా, మరి బట్టల రంగులెలా కనపడుతున్నాయి?"

రాత్రి పదకొండున్నరకి నలుపు తెలుపుది వెతుక్కుని మళ్లీ మొదలెట్టాం, అదీ ఆ పిల్ల పోరు పడలేక.