బాగుండానంటాడు, బీపీ చూస్తే 180

జీఎన్ఎమ్ నర్సింగ్ కోర్సు ఫస్టియర్ అమ్మాయిల్ని అర్ధరాత్రి లేపి ఆరోగ్యం అంటే ఏందే అని అడిగినా గడగడా అప్పజెప్పేస్తారు, శారీరకంగా మానసికంగా సామాజికంగా సంపూర్ణంగా బాగుండటమే ఆరోగ్యం, ఊరికే రోగం లేకపోవడం ఒక్కటే కాదు అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగంలో ఉన్న మాట అది, 1946లో రాసుకున్నారు, 1948 ఏప్రిల్ 7న అమల్లోకి వచ్చింది, అందుకే ఏటా ఆ రోజు హెల్త్ డే అని ర్యాలీ తీస్తాం, కాలేజీ ముందర ముగ్గులేస్తాం. మంచి మాటే, కాదనను. కానీ ఆ లెక్క పెట్టుకుని తాడిపత్రి నుంచి అనంతపురం వచ్చే పొద్దుటి బస్సు ఎక్కి చూడండి, ఒకాయనకి మోకాళ్ళు, ఒకాయనకి గ్యాసు, ఒకాయనకి బోరు కోసం చేసిన అప్పు, ఒకామెకి కూతురి కాపురం దిగులు, బస్సు మొత్తం వెతికినా ఆరోగ్యవంతుడు ఒక్కడూ దొరకడు. అయినా వాళ్ళంతా పనులకి పోతానే ఉన్నారు, టమోటా రేటు గురించి వాదులాడుకుంటానే ఉన్నారు. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు ఈ పేచీనే లేవనెత్తి, వచ్చిన కష్టానికి తగ్గట్టు సర్దుకుని తన సంగతి తాను చూసుకోగలగడమే ఆరోగ్యం అనుకుందాం అన్నారు. వార్డులో పని చేసేవాళ్ళకి ఇదే ఎక్కువ పనికొస్తదని నా అభిప్రాయం, ఎందుకంటే సుగర్ ఉన్నోడికి సుగర్ పోదు, దాంతోనే ముప్పై ఏళ్ళు బాగా బతకాలి.

సరే, ఇప్పుడు అసలు విషయం. నర్సింగ్ పుస్తకాల్లో డిసీజ్ వేరు, ఇల్‌నెస్ వేరు అని ఒక పేరా ఉంటది, పిల్లలు రెండు మార్కుల ప్రశ్న కింద చదివి వదిలేస్తారు, నన్నడిగితే సబ్జెక్టు మొత్తం ఆ పేరాలోనే ఉంది. డిసీజ్ అంటే ఒంట్లో ఏదో చెడిపోవడం, రక్తపరీక్షలోనో ఎక్స్‌రేలోనో దొరికేది. ఇల్‌నెస్ అంటే నాకు బాగలేదు అని మనిషికి అనిపించేది, తినబుద్ధి కాకపోవడం, పనికి పోలేకపోవడం, భయం. టైఫాయిడ్ వచ్చినా కాలు విరిగినా రెండూ జతగానే వస్తాయి కాబట్టి ఎప్పుడూ అంతే అనుకుంటాం. కానీ ఇప్పుడు మన పల్లెల్లో మనుషుల్ని పడగొడుతున్న బీపీ సుగర్ ఆ రకం కాదు.

విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఒక పెద్దాయన కూర్చుని ఉంటాడు, బీపీ 180/110. మాత్రలు వాడాల తాతా అంటే, "నాకేమైంది సిస్టరమ్మా, బాగుండా. రెండు ముద్దలు సంగటి తింటా, చేనికి పోతా, పండుకుంటే ఎవరన్నా లేపాల్సిందే. నాకెందుకు బిళ్ళలు?" అంటాడు. ఆయన అబద్ధం చెప్పట్లేదు, నిజంగానే బాగున్నాడు. బీపీ పెరిగిందని ఒళ్ళు మనకి చెప్పదు, చాలామందికి తలనొప్పి కూడా రాదు, లోపల మాత్రం కిడ్నీల్లో కంటి వెనకాల మెదడులో సన్న రక్తనాళాలు ఏళ్ళ తరబడి దెబ్బతింటా ఉంటాయి, ఒకరోజు పొద్దున లేస్తే చెయ్యీ కాలూ పడిపోయి మూతి వంకర. అంటే డిసీజ్ వచ్చి పదేళ్ళయింది, ఇల్‌నెస్ ఇవాళ వచ్చింది. దీనికి సరిగ్గా తిరగేసిన కేసు కూడా అదే బెంచీ మీద ఉంటది, ఒకామెకి ఒళ్ళంతా నొప్పులు, నిద్ర పట్టదు, గుండె దడ, కర్నూలు పెద్దాసుపత్రి దాకా పోయి అన్నీ తీయించుకుంటే రిపోర్టులన్నీ నార్మల్. "నీకేం లేదు పో" అంటారు. ఆమెకి మాత్రం ఉంది. ఈ ఇద్దరికీ నడిమధ్య ఉన్న ఖాళీలోనే నర్సు పని మొదలయ్యేది.

వర్జీనియా హెండర్సన్ అనే అమెరికా నర్సు 1966లో ఒక మాట చెప్పింది. మనిషికి బలం, మనసు, తెలివిడి ఉంటే తన పనులు ఎవరి సాయం లేకుండా తానే చేసుకుంటాడు, ఈ మూడింట్లో ఏది తక్కువైందో అది అందించి, వీలైనంత తొందరగా తిరిగి అతని కాళ్ళ మీద అతన్ని నిలబెట్టడమే నర్సింగ్ అని. మామూలుగా కనిపిస్తది గానీ పేషెంటు దగ్గర పెట్టి చూస్తే భలే పదునైన మాట. పై తాతకి బలం ఉంది, తెలివిడి లేదు అనుకుని మనం లెక్చర్ ఇస్తాం. చాలాసార్లు తెలివిడీ ఉంటది, మనసే రాదు. ఎందుకు రాదో 1950ల్లోనే అమెరికాలో తవ్వారు, టీబీ పట్టుకోడానికి ఎక్స్‌రే వ్యాన్లు వీధి చివర దాకా తెచ్చి ఫ్రీగా తీస్తామన్నా జనం అనుకున్నంత రాలేదు, ఏందబ్బా అని హాక్‌బామ్, రోజెన్‌స్టాక్ వాళ్ళు కూర్చుని ఆరా తీస్తే తేలింది ఏందంటే, ఆ జబ్బు నాకూ రావచ్చు అనిపించాలి, వస్తే ప్రమాదం అనిపించాలి, ఈ టెస్టుతో లాభం ఉందనిపించాలి, దానికయ్యే కష్టం ఆ లాభం కన్నా తక్కువనిపించాలి, ఆపైన ఎవరో ఒకరు కదిలించాలి. హెల్త్ బిలీఫ్ మోడల్ అని దానికి పేరు. మన దగ్గర ఆ కష్టం ఏందో వేరే చెప్పక్కర్లేదు, మాత్రల కోసం క్లినిక్‌కి వస్తే ఒకపూట కూలి పోతది, అంతే. పేషెంట్లు మాట వినరు అని విసుక్కునే స్టాఫ్ ఆ కూలి లెక్క ఒక్కసారన్నా వేసి చూడాలి.

ఇంకోటి కూడా ఉంది, మనం చూసే బీపీ సరిగ్గా చూస్తున్నామా అని. ఎండలో నడిచొచ్చిన మనిషిని అట్లే కూర్చోబెట్టి, చొక్కా చేతి మీదనే పట్టీ చుట్టి, పక్కనోళ్ళతో మాట్లాడిస్తానే గాలి కొట్టేస్తారు. అట్లా కాదు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాల, వీపు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా. అంతకు ముందు అరగంటలో టీ కాఫీ బీడీ ఏదీ తాగి ఉండకూడదు, ఒంటేలు ఆపుకుని ఉండకూడదు. పట్టీ ఉత్త చేతికే చుట్టాల, చెయ్యి గుండె ఎత్తుకి వచ్చేట్టు బల్ల మీద పెట్టాల, కిందికి వేలాడేస్తే రీడింగ్ ఎక్కువ చూపిస్తది, లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా అంతే. మాటలు వద్దు. రెండుసార్లు చూడాల, ఇంకోరోజు మళ్ళీ చూడాల, అప్పుడు కూడా 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటేనే బీపీ ఉందని రాయాల. పది నిమిషాల పని, క్యూలో నలభై మంది ఉంటే ఎవరు చేస్తారు అంటే నా దగ్గరా జవాబు లేదు, కానీ ఈ అంకె మీదనే ఒక మనిషి బతికినన్నాళ్ళు మాత్రలు మింగాల్సి ఉంటది మరి.

నివారణ గురించి లీవెల్, క్లార్క్ అని ఇద్దరు అమెరికా డాక్టర్లు 1950ల్లో మెట్లుగా చెప్పింది ఇప్పటికీ పాఠంలో ఉంది. రోగం రాకముందే అడ్డుకోవడం ఒకటి, వచ్చి ఇంకా బయటపడనప్పుడే పట్టుకోవడం ఒకటి, ముదిరాక ఇంకా పాడుకాకుండా కాపాడటం ఒకటి. చాలామంది మూడోదాన్ని నివారణ కింద లెక్కే వేయరు, రోగం వచ్చేసింది కదా ఇంక నివారించేదేముంది అని. సుగర్ ఉన్నోళ్ళ పాదాలు చూస్తే తెలుస్తది ఏముందో.

చెనక్కాయ చేలో ఉత్త కాళ్ళతో తిరిగే మనిషికి ముల్లు దిగితే అబ్బా అని తీసేసుకుంటాడు, కానీ సుగర్ పదేళ్ళు అదుపు తప్పితే పాదాల్లో నరాలు మొద్దుబారి ముల్లు దిగింది కూడా తెలియదు. నొప్పి లేదు కాబట్టి అదే కాలు మీద వారం నడుస్తాడు, చీము పట్టి వాసన వస్తే ఇంట్లోవాళ్ళు కనుక్కుంటారు, అప్పటికి వేలు నల్లబడి ఉంటది. ఎండాకాలం గుడి బండల మీద ప్రదక్షిణం చేసి అరికాళ్ళు బొబ్బలెక్కినా తెలియనోళ్ళు ఉన్నారు, స్పర్శ లేదు కదా. కాబట్టి సుగర్ ఉన్న మనిషి రోజూ రాత్రి కాళ్ళు కడుక్కుని తుడుచుకుని వేళ్ళ సందులు చూసుకోవాల, వంగలేకపోతే చిన్న అద్దం కింద పెట్టుకుని అరికాలు చూసుకోవాల, లేదంటే మనవరాల్ని చూడమనాల. కొబ్బరినూనె రాసుకోవచ్చు కానీ వేళ్ళ మధ్య రాయకూడదు, తడికి అక్కడ ఫంగస్ పట్టి చర్మం పగులుతది. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టి కాపడం అస్సలు వద్దు. ఆనెలు బ్లేడుతో కోసుకోవడం వద్దు, గోళ్ళు మూలల్లోకి కొరక్కుండా నేరుగా కత్తిరించుకోవాల. చెప్పులు వేసుకునే ముందు దులపాల. మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు అని ఉంటాయి, ఇంట్లో కూడా అవి వేసుకు తిరిగితే మంచిది. క్లినిక్‌లో అయితే పది గ్రాముల బరువుకి వంగే నైలాన్ పోగు ఒకటి ఉంటది, కళ్ళు మూసుకోమని అరికాల్లో అక్కడక్కడా తాకించి తెలుస్తోందా అని అడుగుతాం, తెలియట్లేదంటే ఆ కాలుకి డేంజర్ ఉన్నట్టు. ఇంతే, ఇందులో పెద్ద మందూ లేదు మిషనూ లేదు, కానీ ఆపరేషన్ థియేటర్‌లో కాలు తీసేసే దాకా పోకుండా ఆగేది ఎక్కువగా ఇక్కడే.

అదే ఫ్లోరైడ్ విషయంలో మాత్రం మొదటి మెట్టు తప్ప ఇంకో దారే లేదు. మన రాయి నేలలో లోతు బోర్లు వేసేకొద్దీ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ వస్తది, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే చిన్నప్పుడే పళ్ళు గారపడతాయి, పెద్దయ్యాక కీళ్ళు బిగుసుకుపోయి నడుము వంగిపోతది. మన దేశంలో ఈ జబ్బుని 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు వైపు ఊళ్ళలో గుర్తించారు. ఒకసారి వంగిన వెన్ను ఏ మందుతోనూ నిటారు కాదు. నీళ్ళు కాచి తాగితే సరిపోతదిలే అనుకుంటారు, అది క్రిములకి పనిచేస్తది గానీ ఫ్లోరైడ్‌కి కాదు, ఆవిరైపోయేది నీళ్ళే కాబట్టి మిగిలిన దాంట్లో ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడతది. ఊరికి వేరే నీళ్ళు తేవడం ఒక్కటే మందు, 1990ల్లో సత్యసాయి ట్రస్టు అనంతపురం జిల్లాలో వందల ఊళ్ళకి పైపులేసి తాగునీళ్ళు ఇచ్చింది చూశారా, నా లెక్కలో అది ఒక పెద్దాసుపత్రికి సమానం. తాడిపత్రి, బేతంచెర్ల పక్క బండలు కోసే పనిలో ఊపిరితిత్తుల్లోకి పోయే రాతి దుమ్ము సంగతీ ఇంతే, సిలికోసిస్ వచ్చాక వెనక్కి తిప్పలేం, పైగా టీబీ వచ్చే అవకాశం పెరుగుతది, తడిపి కోస్తే దుమ్ము చాలావరకు లేయదు, అంతకు మించిన వైద్యం లేదు. గాలి, నీళ్ళు, కాలవలు, శుభ్రత, వెలుతురు, ఇంటికి ఈ ఐదూ బాగుండాలని నైటింగేల్ 1859లోనే రాసింది. ఆమె ఇండియాకి ఎప్పుడూ రాలేదు, అయినా ఇక్కడి సైనికుల బారకాసుల్లో మురుగు గురించి లండన్‌లో కూర్చుని ఏళ్ళ తరబడి ప్రభుత్వం వెంట పడింది.

ఇక ఆడవాళ్ళ దగ్గరికొస్తే లెక్క మళ్ళీ మారుతది. టాల్కట్ పార్సన్స్ అనే సోషియాలజిస్టు 1951లో సిక్ రోల్ అని చెప్పాడు, జబ్బు పడ్డ మనిషికి పని నుంచి మినహాయింపు ఉంటది, నీ తప్పే అని ఎవరూ తిట్టరు, బదులుగా ఆ మనిషి బాగుపడాలని కోరుకోవాలి, వైద్యం చేయించుకోవాలి అని. బాగుంది, కానీ ఆ మినహాయింపు ఇంట్లో ఎవరికి దొరుకుతుంది? మగాయనకి జ్వరం వస్తే మంచం వేస్తారు. ఆమెకి జ్వరం వస్తే సంగటి కెలికి, పిల్లల్ని బడికి పంపి, బర్రెకి గడ్డి వేసి, ఆ తర్వాత కొంచేపు నడుము వాలుస్తుంది, దానికి కూడా అత్తగారి మొహం చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తం తక్కువ ఉందని తేలింది, మరి వాళ్ళలో ఎంతమంది నాకు బాగలేదు అంటారు? ఆయాసం, కళ్ళు తిరగడం, కాళ్ళు లాగడం, ఇవన్నీ ఆడపుట్టుకకి మామూలే అనుకుంటారు.

అందుకే నాకు సెలైన్ బాటిల్ మీద కోపమూ ఉంది, జాలీ ఉంది. నీరసంగా ఉందంటే ఊర్లో ఆర్ఎంపీ దగ్గరికి పోయి "ఒక సెలైన్ ఎక్కించప్పా" అంటారు. అందులో ఏముందో చూడండి, అర లీటరు నార్మల్ సెలైన్ అంటే 4.5 గ్రాముల ఉప్పు, రోజంతటికీ 5 గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంటే ఒక్క బాటిల్‌తో అది దాదాపు అయిపోయినట్టే, బీపీ ఉన్నోళ్ళయితే ఇంకా చెప్పేదేముంది. ఐదు శాతం గ్లూకోజ్ బాటిల్ అయితే 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు. రక్తం పెంచే ఐరన్ దేంట్లోనూ లేదు. అయినా ఎక్కించుకున్నాక తేలిగ్గా ఉందంటారు, నిజంగానే ఉంటది, ఎందుకంటే గంటసేపు పండుకున్నారు, ఎవరో ఒకరు పక్కన కూర్చున్నారు, ఆ గంట ఎవరూ పని చెప్పలేదు. అవసరం లేని సూదీ మందూ పెట్టకుండా ఆపడం కూడా నివారణే అని 1986లో బెల్జియం డాక్టర్ మార్క్ జమూల్ నాలుగో మెట్టు ఒకటి కలిపాడు, సరే ఆపుదాం, కానీ ఆమెకి ఆ గంట రెస్టు ఇంకెక్కడి నుంచి తెస్తామో కూడా ఆలోచించాలి కదా.

ముందు హిమోగ్లోబిన్ చూపించుకోమనండి, ఊరి క్లినిక్‌లోనే ఫ్రీగా చూస్తారు, వేలి చివర ఒక చుక్క చాలు. గర్భం లేని ఆడవాళ్ళకి 12, గర్భిణికి 11 కన్నా తక్కువుంటే రక్తహీనతే. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దు, టీ దాన్ని ఒంటికి పట్టనివ్వదు, నిమ్మకాయ నీళ్ళతో అయితే బాగా పడతది. కడుపులో వికారంగా ఉంటే అన్నం తిన్నాక రాత్రి పడుకునేటప్పుడు వేసుకోవచ్చు. విరేచనం నల్లగా వస్తది, అది మాత్ర వల్లనే, భయపడి మానేయొద్దు. రెండు వారాలకే హుషారు వచ్చిందని ఆపేస్తారు చాలామంది, అంకె మామూలుకి వచ్చాక కూడా ఇంకో రెండు మూడు నెలలు వాడితేనే ఒంట్లో ఐరన్ నిల్వ నిండుతది. ఈ మాట ఆమెతో పాటు ఇంట్లో మొగుడికీ అత్తకీ కూడా చెప్పి పంపాల.