విప్పాక కూడా పనికొచ్చేలా కట్టండి

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

క్రిస్మస్‌కు స్నేహితులకు, కొత్త సంవత్సరానికి టీచర్లకు, సంక్రాంతికి మీలో మీకు కానుకలు ఇచ్చుకోవాలని అందరూ కలిసి జాబితా రాసుకున్నారని మీ అమ్మలు చెప్పారు. చాలా సంతోషం. ఆ జాబితా చివర మెరుపు కాగితాలు, రిబ్బన్లు, టేపు అని కూడా రాశారట. ఆ ఒక్క వరుస గురించే ఈ ఉత్తరం. దాన్ని కొట్టేసి, ఆ డబ్బు కూడా కానుకలోనే పెట్టండి. కట్టడానికి కావలసినవన్నీ మీ ఇంట్లోనే ఉన్నాయి.

కానుక చుట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. అవతలివాళ్లు విప్పాక ఈ చుట్టు ఎక్కడికి పోతుంది? మళ్లీ వాడుకోవడానికి అలమరలోకి వెళ్లవచ్చు, మట్టిలో కలవడానికి చెట్టు మొదట్లోకి వెళ్లవచ్చు, పాత పేపర్లు కొనే మనిషి సంచిలోకి వెళ్లవచ్చు. ఈ మూడింటిలో దేనికీ పనికిరానిదాన్ని మనం కొనవద్దు. దుకాణంలో తళతళలాడే కాగితం సరిగ్గా అలాంటిది. చాలాసార్లు అది కాగితమే కాదు. పలుచని ప్లాస్టిక్ పొర మీద అంతకంటే పలుచగా అల్యూమినియం పట్టించి తయారుచేస్తారు. కొన్నింటిలో కాగితం ఉంటుంది కానీ, దాని మీద ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. రెండింటినీ విడదీయడం కష్టం కాబట్టి పాత కాగితాలతో కలిపి కొత్త కాగితం చేయడానికి అవి పనికిరావు.

ఏది కాగితమో, ఏది కాదో తెలుసుకోవడం సులువే. ఒక ముక్కను గుప్పిట్లో గట్టిగా నలిపి వదిలేయండి. ఉండ ఉండలాగే ఉంటే కాగితం. దానంతట అది విచ్చుకుంటే ప్లాస్టిక్ కలిసి ఉన్నట్టే. మెరుపు పొడి చల్లినదైతే ఈ పరీక్ష కూడా అక్కరలేదు, సాధారణంగా దొరికే ఆ పొడి రేణువులన్నీ ప్లాస్టిక్కే. మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో మిఠాయి పెట్టెలకూ ఆహ్వాన పత్రికలకూ చుట్టే ప్లాస్టిక్ పొర కూడా ఉంది. అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఉంది. పెద్దలు చట్టంలో రాసినదాన్ని మీరు ఇంట్లో పాటించి చూపించండి.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. క్రిస్మస్‌నాటి, జనవరి ఒకటినాటి మెరుపు కాగితాలను మూట కట్టి ఉంచి భోగి మంటలో వేసేవాళ్లున్నారు. అది చాలా తప్పు. పిడకలూ కట్టెలూ కాలిన పొగ వేరు, ప్లాస్టిక్ కాలిన పొగ వేరు. మంట చుట్టూ నిలబడేది మీలాంటి పిల్లలూ, మాలాంటి పెద్దవాళ్లూ కదా!

ఈ రంగు కాగితాల అలవాటు అనాదిగా వచ్చింది కూడా కాదు. 1917లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో హాల్ అనే సోదరుల దుకాణంలో కానుకలు చుట్టడానికి మామూలుగా అమ్మే పలుచని టిష్యూ కాగితం క్రిస్మస్ రద్దీకి అయిపోయింది. చేసేది లేక, కవర్ల లోపల అంటించడానికి ఫ్రాన్స్ నుంచి తెప్పించిన అలంకార కాగితాన్ని బల్ల మీద పెట్టి ఒక్కొక్కటి పది సెంట్లకు అమ్మారు. చూస్తుండగానే అయిపోయాయి. ఆ వ్యాపారమే తరవాత హాల్‌మార్క్ అనే పెద్ద కంపెనీ అయింది. గట్టిగా వంద సంవత్సరాలు దాటిన అలవాటు, అంతే. అంతకు ఎంతో ముందు నుంచీ మన ఇళ్లలో కొత్త బట్టలకు అంచున పసుపు బొట్టు పెట్టి, పళ్లెంలో పండు తాంబూలాలతో చేతికిచ్చేవాళ్లు. చుట్టడమే లేదు. దగ్గరి మనుషులకు మీరూ అలా ఇవ్వవచ్చు. ఇత్తడి పళ్లెంలో నాలుగు బంతిపూల మధ్య పెట్టిన పుస్తకానికి ఏ కాగితమూ అక్కరలేదు.

మూసి ఇవ్వాలనే సరదా ఉంటే, నా మొదటి ఓటు రవికె గుడ్డకు. అమ్మ బీరువా తెరిచి చూడండి. పేరంటాల్లో, వ్రతాల్లో, గృహప్రవేశాల్లో బొట్టు పెట్టి ఇచ్చిన రవికె గుడ్డలు ఒక అరనిండా ఉంటాయి. రంగు నచ్చకో, చీరకు కుదరకో కుట్టించరు. వచ్చినవే మళ్లీ ఇంకొకరికి ఇస్తారు, వాళ్లు మరొకరికి ఇస్తారు. అవి దాదాపు చదరంగా ఉంటాయి, కొత్తవి, శుభ్రమైనవి, రంగులున్నవి. కానుక చుట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? అమ్మను అడిగి మాత్రమే తీసుకోండి. పట్టువీ, దాచుకున్నవీ ముట్టుకోవద్దు.

జపాన్‌లో ఇలా గుడ్డతో చుట్టడం ఒక కళ. ఆ గుడ్డను ఫురోషికి అంటారు. ప్లాస్టిక్ సంచులు తగ్గించడానికి 2006లో ఆ దేశపు పర్యావరణ మంత్రి యురికో కొయికె దాన్ని మళ్లీ ప్రచారంలోకి తెచ్చారు. వాళ్లు చెప్పే కొలత మనకూ పనికొస్తుంది: గుడ్డ ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉన్న పొడవు, వస్తువు పొడవుకు మూడింతలు ఉండాలి. 80 సెంటీమీటర్ల చదరపు రవికె గుడ్డకు ఆ పొడవు సుమారు 113 సెంటీమీటర్లు వస్తుంది. అంటే 37 సెంటీమీటర్ల వస్తువు దాకా పడుతుంది. మీరిచ్చే పుస్తకాలన్నీ అందులో ఇట్టే ఇముడుతాయి.

గుడ్డను తిరగవేసి, ఒక మూల మీ వైపు ఉండేట్టు పరవండి. పుస్తకాన్ని మధ్యలో పెట్టండి. మీ వైపున్న మూలను పుస్తకం మీదికి మడిచి, ఎదుటి మూలను దాని మీదికి తెచ్చి, మిగిలిన కొనను లోపలికి దోపండి. కుడి ఎడమల మిగిలిన రెండు మూలలనూ పైన ముడి వేయండి. ముడిలోనే కిటుకంతా ఉంది. మొదటిసారి కుడి కొన ఎడమ కొన మీదుగా వస్తే, రెండోసారి ఎడమ కొన కుడి కొన మీదుగా రావాలి. రెండుసార్లూ ఒకేవైపు వేస్తే ముడి చెవులు ఒకటి పైకి, ఒకటి కిందికి అడ్డంగా తిరుగుతాయి. అది జారిపోతుంది, లేదా బిగుసుకుపోయి గోళ్లతో లాగినా రాదు. సరిగా పడితే చెవులు రెండూ పక్కలకు బారుగా పడుకుంటాయి. విప్పేటప్పుడు ఒక చెవినీ, అదే కొన ముడికి ఇవతల ఉన్న భాగాన్నీ పట్టుకుని ఎదురెదురుగా లాగి తిన్నగా చేయండి. ముడి దాని మీద నుంచి జారి వచ్చేస్తుంది. గుడ్డకు నలుగుడు తప్ప ఏమీ కాదు. మీ స్నేహితురాలు దాన్ని టిఫిన్ డబ్బాకు కట్టుకోవచ్చు, వచ్చే పండగకు ఇంకొకరి కానుకకు చుట్టవచ్చు.

చిన్న వస్తువులకు కొత్త గుడ్డ వద్దు. దర్జీ దుకాణంలో కత్తిరించగా మిగిలిన ముక్కలు ఇమ్మని అడగండి. అంచులో నాలుగైదు పోగులు లాగేస్తే కుచ్చులా తయారవుతుంది. పర్యావరణానికి మేలని రాసి అమ్మే ఖరీదైన గుడ్డ సంచులు మాత్రం కొనకండి. పత్తి పండించడానికీ, రంగు వేయడానికీ ఎన్నో నీళ్లు ఖర్చయ్యాయి. ఇంట్లో ఉన్నదాన్ని వదిలి కొత్తది కొంటే ఎవరికి మేలు?

ఇక కాగితం. డిసెంబర్ చివరికి గోడ మీది క్యాలెండర్ పని అయిపోతుంది. దాని కాగితం మందంగా ఉంటుంది, మడత నిలుస్తుంది, వెనక తెల్లగా ఉంటే బొమ్మలు వేసుకోవచ్చు. దేవుడి బొమ్మలున్నవి వాడవద్దు. విప్పినవాళ్లు ఆ కాగితాన్ని పారేయలేక ఇబ్బంది పడతారు. వార్తాపత్రికైతే ఆదివారం రంగుల పేజీలూ, పిల్లల పేజీలూ, గళ్ల నుడికట్టు ఉన్న పేజీలూ బాగుంటాయి. కత్తిరించే ముందు పేజీ అంతా చదవండి. పుట్టినరోజు కానుక మీద శ్రద్ధాంజలి ఫొటో కనిపిస్తే ఎంత బాధ! చతురస్రపు పెట్టెకైతే ఒక లెక్క ఉంది. పైమూత ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఎంత ఉందో కొలవండి. దానికి పెట్టె ఎత్తుకు ఒకటిన్నర రెట్లు కలపండి. అంత పక్క కొలత ఉన్న చదరపు కాగితం చాలు. 10 సెంటీమీటర్ల పెట్టె 4 సెంటీమీటర్ల ఎత్తుంటే, 14కు 6 కలిపితే 20. కాగితం మూలలు పెట్టె నాలుగు పక్కలకూ ఎదురుగా వచ్చేట్టు ఏటవాలుగా పెట్టి, ఒక్కో మూలనూ పైకి తెచ్చి, పక్కల మిగిలినదాన్ని లోపలికి మడవండి. నాలుగు మూలలూ నడినెత్తిన కలుస్తాయి. పైన పురికొస ఒక చుట్టు చుడితే టేపుతో పనే లేదు.

అంటించక తప్పకపోతే, ఒక చెంచా మైదాను ఐదు చెంచాల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద తిప్పుతూ చిక్కబడేదాకా ఉడికించండి. పెద్దవాళ్లు పక్కన ఉండాలి. ఏ రోజుది ఆ రోజే చేసుకోండి, మర్నాటికి పులుస్తుంది.

రంగులకు వంటింటికి వెళ్లండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. అర చెంచా పసుపును కొంచెం వేడినీళ్లలో కలిపి, తెల్లకాగితం మీద కుంచెతో పూసి ఆరబెట్టండి. వేరే గిన్నెలో చిటికెడు వంటసోడాను నీళ్లలో కలిపి, అగ్గిపుల్ల చివర దూది చుట్టి, అందులో ముంచి ఆ పసుపు కాగితం మీద ముగ్గు వేయండి. నీళ్లలాంటి ఆ ద్రవం తగిలినచోటల్లా గీత ఎర్రబడుతుంది. మన పెద్దవాళ్లు పసుపు, సున్నం కలిపి పారాణి చేసేది ఈ గుణంతోనే. సున్నం కళ్లలో పడితే ప్రమాదం కాబట్టి మీకు వంటసోడా చెబుతున్నాను. గీత తప్పు పడితే దాని మీద నిమ్మరసం అద్దండి, మళ్లీ పసుపు రంగు వస్తుంది. ఎండలో పెడితే పసుపు వెలిసిపోతుంది, నీడలో ఉంచండి. బెండకాయను తొడిమ వైపు అడ్డంగా కోసి బీట్‌రూట్ రసంలో అద్ది అచ్చు వేస్తే పువ్వు పడుతుంది. ఆ కాగితం చివరకు మట్టిలో వేసినా ఏ హానీ లేదు.

తినే వస్తువులకు మాత్రం వార్తాపత్రిక వద్దే వద్దు. సిరాలో ఉండే రసాయనాలు తిండికి అంటుకుంటాయి. ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2023లో కూడా తిండి పదార్థాలను వార్తాపత్రికల్లో కట్టవద్దని హెచ్చరించింది. అరిసెలు, సున్నుండలు ఇవ్వాలంటే కడిగి ఆరబెట్టిన గాజు సీసా మంచిది. తాటాకు బుట్ట దొరికితే మరీ మంచిది, అదే ఒక కానుక. అదే రోజు తినేదైతే అరటి ఆకు చాలు. పచ్చిది మడిస్తే చిరుగుతుంది. పొయ్యి సెగకు రెండువైపులా ఒక్క క్షణం చూపిస్తే మెత్తబడి చెప్పినట్టు మడత పడుతుంది. ఆ పని అమ్మ చేత చేయించండి.

పేరు చీటీలకు పాత శుభలేఖల వెనకవైపు కత్తిరించుకోండి. రిబ్బను బదులు అరటి నార.

అమెరికాలో ఉన్న మీ ఇద్దరికీ వేరుగా చెప్పేది ఒకటుంది. సరుకులు తెచ్చుకునే గోధుమరంగు కాగితం సంచులను అతుకు దగ్గర విప్పి, రాత లేని వైపు పైకి పెట్టి చుట్టండి. అక్కడ బడిలో పుస్తకాలకు అట్టలు కూడా వాటితోనే వేస్తారని మీ నాన్న చెప్పాడు. నలిపి చూసే పరీక్ష చేయకుండా దేన్నీ కాగితాల డబ్బాలో వేయవద్దు. టేపులు, ప్లాస్టిక్ పువ్వులు ముందే పీకేయండి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు అందరూ తలొక రవికె గుడ్డ, అడిగి తీసుకున్నదే, సంచిలో పెట్టుకు రండి. ముడి ఉత్తరంలో చదివితే ఒక పట్టాన రాదు. భోగి మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో కూర్చుని ఒక్కొక్కరి చేత కట్టించి చూస్తాను. పురికొస నేను తెప్పించి ఉంచాను, మీరు కొనవద్దు.

మీ
అమ్మమ్మ